మేకు కన్నంలో దొరికిన జాతి

మంగళవారం ఉదయం పదిన్నర గంటలకు మాసిడోనియా జాతి వయసు ఒక్కసారిగా పందొమ్మిదేళ్ళు పెరిగింది. ఈ శుభవార్తను వారసత్వ వ్యవహారాల ఉపమంత్రి సోతిర్ కరాజోవ్‌స్కీ గారు బెలోవిర్ పురపాలక భవనం మెట్ల మీద నిలబడి స్వయంగా ప్రకటించారు. "నిన్నటిదాకా మనం పాతవాళ్ళమే. ఇవాళ్టి నుంచి ఇంకా పాతవాళ్ళం!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ముసలివాళ్ళు మరీ గట్టిగా కొట్టారు. వయసు మీద పడినందుకు ఒక నాయకుడు అభినందించడం వాళ్ళెరిగినంతలో అదే మొదటిసారి.

ఇంతటి మేలు జాతికి చేసినవాడు నౌమ్. ఆయన చివరి వరసలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ఊరి గ్రంథాలయంలో పాతపత్రికల విభాగం ఆయనదే. విభాగమంటే ఒక గది, ఒక బల్ల, నౌమ్. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అక్కడే కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "పేజీ మూల మడవకండి" అని చెప్పడం తప్ప జాతికి ఆయన వేరే ఏమీ చేసి ఎరగడు. ఈసారి కూడా చేద్దామని చేయలేదు. జాఫిర్కా పిన్ని ఇంటి మీద కప్పడానికి ఒక టార్పాలిన్ ఇప్పించమని అర్జీ రాశాడు. అంతే.

జాఫిర్కాకు డెబ్భై ఎనిమిదేళ్ళు. చెప్పులు కుట్టే మొగుడు పోయి చాలా కాలమైంది. ఉన్నది రెండు గదుల మట్టి ఇల్లు. సెప్టెంబరు వానలకు పెంకుల సందులోంచి నీళ్ళు కారి, వంటింట్లో పొయ్యి వెనక గోడ గిలాబా పెచ్చులుపెచ్చులుగా ఊడిపోయింది. లోపల చూస్తే గోడ నిండా అతికించిన పాత పేపర్లు. "ఒరే నౌమూ, నా గోడకి చదువొచ్చిందిరా, వచ్చి చూడు" అని కబురు పెట్టింది.

నౌమ్ వెళ్ళి కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. 1893లో సాలొనీకా నగరంలో అచ్చయిన 'బల్కన్ గంట' పత్రిక, మూడో పేజీ. జలగల ప్రకటన, సబ్బు ప్రకటన, వాటి మధ్య బెలోవిర్ నుంచి ఒక ఉత్తరం:

"సంపాదకుడు గారికి, ఏటా ముగ్గురు నలుగురు పెద్దమనుషులు గుర్రాలెక్కి మా ఊరొచ్చి మీరెవరని అడుగుతున్నారు. ఎవరికి నచ్చింది వాళ్ళు పుస్తకంలో రాసుకుపోతున్నారు. అందుకని మీ పత్రిక ద్వారా అందరికీ ఒకేసారి చెబుతున్నాం. మేము..."

అక్కడ బొటనవేలంత కన్నం. ఆ తరవాత: "...మా తాతలూ అదే, మా పిల్లలూ అదే. ప్రాణం పోయినా మరొకటి కాము."

ఆ కన్నం జాఫిర్కా మొగుడు మేకు కొట్టినప్పుడు పడింది. గిలాబాతోపాటు మేకూ ఊడి పొయ్యి వెనక పడిపోయింది.

నౌమ్ తన అర్జీలో "1893 నాటి పత్రికలు తడుస్తున్నవి" అని ఒక ముక్క రాశాడు. టార్పాలిన్ ఇచ్చే అధికారం తనకు లేదని పురపాలక గుమాస్తా దాన్ని పైకి పంపాడు. పైవాళ్ళు ఇంకా పైకి పంపారు. అలా ఎక్కి ఎక్కి అర్జీ రాజధాని చేరింది. అక్కణ్ణించి టార్పాలిన్ బదులు ఉపమంత్రి గారు దిగారు.

ఉపమంత్రి గారు వంటింట్లో కన్నం ముందు నిలబడి టోపీ తీశారు. కళ్ళు తుడుచుకున్నారు.

"ఈ కన్నంలో ఉన్నది మనమే. ఇంతవరకు దొరికిన రుజువు కంటే పందొమ్మిదేళ్ళ ముందే ఉన్నాం" అన్నారు. తరవాత జాఫిర్కా వైపు తిరిగారు. "అమ్మా, ఇక నుంచి ఈ గోడ మీది కాదు."

"మరెవరిది బాబూ? ఏటా సున్నం వేసేది నేనేగా?"

"జాతిది."

"అలాగైతే ఆ జాతిని కాస్త పైకెక్కి పెంకులు సర్దమను."

ఉపమంత్రి గారు మనసారా నవ్వి, "జానపద హాస్యం, రాసుకో" అని కార్యదర్శికి చెప్పారు. కార్యదర్శి రాసుకున్నాడు. పెంకుల సంగతి మాత్రం రాసుకోలేదు.

ఆ సాయంత్రానికి ఇంటి ముందు ఇద్దరు పోలీసులు, గుమ్మానికి ఎర్ర తాడు వచ్చాయి. పొయ్యి వెలిగించకూడదని, పొగ తగిలితే చరిత్ర నల్లబడుతుందని నోటీసు అంటించారు. "మరి నా వంట?" అంది జాఫిర్కా. "ఇన్నేళ్ళు తిన్నారు కదమ్మా" అన్నాడు పోలీసు, మర్యాదగానే.

అర్జీ రాసిన చెయ్యి తనదే కాబట్టి నౌమ్‌కు ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు పిన్నిని, ఆమె మంచాన్ని, రెండు బస్తాల ఎర్ర మిరపకాయలను గ్రంథాలయానికి తెచ్చుకున్నాడు. అక్టోబరులో కాల్చి అయ్‌వర్ పచ్చడి పెట్టకపోతే ఆ ఊళ్ళో ఆడమనిషిని ఆడమనిషిగా చూడరు. పుస్తకాల గదిలో పొయ్యి ఉంది. "ఇక్కడ పొగ తగిలితే ఏం కాదా?" అని అడిగింది పిన్ని. "ఇక్కడున్నది చరిత్ర అని ఎవరూ ఇంకా ప్రకటించలేదులే" అన్నాడు నౌమ్.

ప్రకటన సరిహద్దు దాటి బల్గేరియాకు చేరడానికి ఒక్క పూటే పట్టింది. మాసిడోనియా జాతి అంటూ వేరే లేదని, ఆ పాతవాళ్ళంతా తమవాళ్ళేనని అక్కడివాళ్ళ వాదన. రెండు దేశాలకూ కలిపి ఉమ్మడి గతం సంఘం అని ఒకటుంది. ఏడేళ్ళుగా సమావేశమవుతోంది. ఈ ఏడేళ్ళలో సమావేశాల్లో కాఫీ బాగుండటం లేదన్న విషయం మీద కూడా వాళ్ళకు ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ సంఘం మొత్తం బెలోవిర్‌లో దిగింది. అవతలి పక్షానికి పెద్ద ప్రొఫెసర్ గెంచెవ్. తెల్ల గడ్డం, జేబులో భూతద్దం. ఇద్దరు నాయకులూ మాట్లాడేది ఒకరికొకరికి అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతుంది. అయినా గౌరవం కోసం మధ్యలో ఒక దుబాసీ ఉంటాడు. ఒకరు అన్నమాటనే అతను లేచి మళ్ళీ అంటాడు. రెండోవారు అప్పుడే విన్నట్టు తలూపుతారు.

గెంచెవ్ గారు కన్నంలోకి పావుగంట చూశారు.

"ఇందులో బల్గేరియన్లు ఉన్నారు" అన్నారు.

"ఎలా చెప్తారు?" అన్నారు ఉపమంత్రి గారు.

"కొలిచి చూడండి. మా పేరు ఇందులో సరిగ్గా ఇముడుతుంది. మీ పేరు పొడుగు. అంచు దాటిపోతుంది."

"ఆ రోజుల్లో మావాళ్ళు ఒద్దికగా, ఒదిగి రాసుకునేవాళ్ళు!"

దుబాసీ ఇదంతా శ్రద్ధగా తిరిగి చెప్పాడు. ఆ తరవాత జాఫిర్కాను పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టారు.

"మీ భర్త ఇక్కడ మేకు ఎందుకు కొట్టారు?" అని అడిగారు గెంచెవ్.

"పెనం తగిలించడానికి."

"ఆయన్ను ఎవరైనా ప్రేరేపించారా?"

"నేనే. మూడు నెలలు పోరితే గానీ కొట్టలేదు మహానుభావుడు."

"అంటే ఆయనకు ఇష్టం లేదు! ఒత్తిడి చేసి కొట్టించారు!" గెంచెవ్ గారు లేచి నిలబడ్డారు. ఉపమంత్రి గారూ లేచారు. "ఒక అమర చర్మకళాకారుణ్ణి అవమానిస్తున్నారు!" అని గర్జించారు. మూడో రోజుకు ఆ చెప్పులు కుట్టే ఆయనకు ఇవతల విగ్రహం పెట్టాలన్న తీర్మానమూ, అవతల ఆయన మీద విచారణ జరపాలన్న తీర్మానమూ రెండూ నెగ్గాయి.

నాలుగో రోజు పొద్దున జాఫిర్కా మిరపకాయలు కాల్చింది. కాల్చిన కాయలు తొక్క వలిచే ముందు ఆరబెట్టడానికి కింద పరిచేందుకు ఏదో ఒకటి కావాలి. నేలమాళిగలోకి వెళ్ళి, ఇంకా జాబితాకెక్కని కుప్పలోంచి ఒక పాత పేపర్ల కట్ట పైకి లాక్కొచ్చి, విప్పి పరవబోయింది.

"పిన్నీ! ఆగు!" నౌమ్ అటు నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అవి బైండు చేసిన ప్రతులు!"

"బైండు చేస్తే తడి పీల్చదా ఏం?"

కట్ట లాక్కుని దుమ్ము దులిపాడు. 'బల్కన్ గంట', 1893. బల్ల మీద పెట్టి ఒక్కో సంచికా తిప్పాడు. మూడో పేజీ. జలగలు. సబ్బు. ఉత్తరం. ఎక్కడా కన్నం లేదు. మేకు పడాల్సిన చోట మాట నిండుగా, నల్లగా, నిన్న అచ్చయినట్టు ఉంది. నౌమ్ రెండుసార్లు చదివాడు. ఆ మాట తన ఒక్కడి చేతిలో పడడం ఆయనకు భయంగానూ ఉంది, చెప్పరాని సంతోషంగానూ ఉంది. గొడవ తీరిపోతుంది, పిన్ని పొయ్యి పిన్నికి వస్తుంది అనుకున్నాడు. పాపం, ముప్ఫై ఒక్క ఏళ్ళు పేపర్లు చదివినా మనిషికి లోకజ్ఞానం అబ్బలేదు.

మధ్యాహ్నం సంఘం కూర్చున్న పురపాలక హాల్లోకి ప్రతిని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాడు. వెనకే జాఫిర్కా.

"అయ్యా, కన్నం లేని ప్రతి దొరికింది" అన్నాడు.

హాలు హాలంతా లేచింది. ఉపమంత్రి గారు ఆయన్ను కౌగిలించుకున్నారు. గెంచెవ్ గారు ఆయన భుజం తట్టారు. "చదవండి! చదవండి!" అని రెండు పక్షాలూ ఒక్క గొంతుతో అరిచాయి.

నౌమ్ చదివాడు. "...అందరికీ ఒకేసారి చెబుతున్నాం. మేము తోళ్ళు పదును చేసేవాళ్ళం. మా తాతలూ అదే, మా పిల్లలూ అదే. ప్రాణం పోయినా మరొకటి కాము."

దుబాసీ అలవాటు కొద్దీ లేచి, "మేము తోళ్ళు పదును చేసేవాళ్ళం" అని మళ్ళీ చెప్పి కూర్చున్నాడు.

"ఇంకోసారి చదవండి. మెల్లగా" అన్నారు ఉపమంత్రి గారు.

నౌమ్ మెల్లగా చదివాడు. మెల్లగా చదివినా తోళ్ళే.

"నిజమేగా!" అంది వెనక నుంచి జాఫిర్కా. "నదొడ్డు పొడవునా తోళ్ళ గుంతలే ఉండేవని మా అత్త చెప్పేది. కంపుకి పెళ్ళివాళ్ళు కూడా ఊళ్ళోకి వచ్చేవాళ్ళు కాదట."

"ఎవరీవిడ?" అన్నారు గెంచెవ్, తానే ఆమెను ప్రశ్నించిన సంగతి మరిచి.

"గోడ ఓనరు" అన్నాడు దుబాసీ.

ఇద్దరు నాయకులూ ఒకరినొకరు చూసుకున్నారు. లేచి, సిగరెట్ కాల్చుకోవడానికి కలిసి బయటికి వెళ్ళారు. ఏడేళ్ళలో వాళ్ళు కలిసి చేసిన మొదటి పని అది. పన్నెండు నిమిషాల తరవాత సంయుక్త ప్రకటనతో లోపలికి వచ్చారు. అంత చక్కటి భాషలో, అంత క్లుప్తంగా రెండు దేశాలూ ఎన్నడూ ఏదీ రాసుకోలేదు.

గోడ మీది ప్రతి ఒక్కటే అసలైనది. దానికి మరో ప్రతి ప్రపంచంలో ఎక్కడా లేదు. కన్నంలో ఒక మహాజాతి ఉందన్నది నిర్వివాదం. అది ఏ జాతి అన్నది రాబోయే సమావేశాల్లో తేలుతుంది. అంతవరకు కన్నాన్ని ఎవరూ పూడ్చరాదు.

సభ్యులందరూ చేతులెత్తారు. ఏకగ్రీవం.

"మరి నా చేతిలో ఉన్నదేమిటండీ?" అన్నాడు నౌమ్.

"అది ప్రతి కాదు నౌమ్ గారూ. పోలిక" అన్నారు ఉపమంత్రి గారు ఎంతో ఆప్యాయంగా. "అద్భుతమైన పోలిక. ఇలా ఇవ్వండి."

"నేను సంతకం పెట్టను."

"మీ సంతకం ఎవరడిగారు?"

గెంచెవ్ గారు ఒక అంచు పట్టుకున్నారు. ఉపమంత్రి గారు రెండో అంచు పట్టుకున్నారు. నౌమ్ మధ్యలో గట్టిగా పట్టుకున్నాడు. మడత దగ్గర పేజీ సన్నగా చిరగడం మొదలైంది. ఆ చప్పుడు వినగానే నౌమ్ వదిలేశాడు. వదలకపోతే చిరిగిపోతుంది. అంతకంటే ఆయనకు వేరే కారణం లేదు. ప్రతిని పెట్టెలో పెట్టి రెండు తాళాలు వేశారు. ఒక తాళం చెవి ఒక రాజధానికి, రెండోది రెండో రాజధానికి వెళ్ళింది. గ్రంథాలయం నేలమాళిగకు ఇరుదేశాల ముద్రలు పడ్డాయి. నౌమ్‌కు అక్కడికక్కడే పదోన్నతి ఇచ్చారు. ఇక నుంచి ఆయన ఆ తలుపు ముందు కూర్చుని పాత పేపర్లు ఎవరూ చదవకుండా చూసుకోవాలి.

నౌమ్ బయటికి వచ్చి భవనం పక్క గోడకు ఆనుకున్నాడు. మెట్ల మీద కార్ల కోసం ఎదురుచూస్తూ ఇద్దరు నాయకులూ నిలబడి ఉన్నారు. మధ్యలో దుబాసీ లేడు.

"మీ తాతగారి తోళ్ళ గుంతలు వంతెనకి ఎగువనా, దిగువనా?" అంటున్నారు ఉపమంత్రి గారు.

"దిగువన. ఇరవై ఏళ్ళప్పుడు ఈ ఊరొదిలి అవతలికి వచ్చేశాడు. మీ వాళ్ళవి?"

"ఎగువన."

"ఓరి నీ! అయితే మీ వాళ్ళు వదిలిన నీళ్ళలోనే మా తాత తోళ్ళు నానేశాడన్నమాట!"

"చచ్చేదాకా మా తాత చేతుల వాసన పోలేదయ్యా. మా నాన్న నన్ను ఆయన ఒళ్ళో కూర్చోనిచ్చేవాడు కాదు."

"మాకూ అంతే" అన్నారు గెంచెవ్.

అంతలో మూల మలుపు తిరిగి టీవీ కెమెరాలు వచ్చాయి. గెంచెవ్ గారు చటుక్కున రెండు మెట్లు దిగి దూరం జరిగారు. ఉపమంత్రి గారు టోపీ సర్దుకుని, ఆయన వైపు వేలు చూపించి, వీధి చివరిదాకా వినబడేలా అరిచారు.

"మా తాతల్ని దొంగిలించాలని చూస్తున్నారు!"