ఉతికినకొద్దీ

ఆ ఉదయం గుమస్తాగారికి ఇంట్లో అప్పగించిన పని ఒక్కటే: ఏ పనీ చేయకుండా ఉండడం. ముందుగది బల్ల మీద ఆయన భార్య కుట్టిన పసిపిల్లల చొక్కాలు మూడు ఇస్త్రీ చేసి పరిచి ఉన్నాయి. పిల్లల బట్టల షాపు నడిపే ఆవిడ వాటిని చూడటానికి వస్తోంది. నచ్చితే ఏడాది పొడవునా కుట్టుపని ఇస్తుంది. నచ్చకపోతే భార్యకు మళ్ళీ పక్కవాటాల వాళ్ళ పాత ప్యాంట్లకు జిప్పులు మార్చడమే గతి. షాపావిడను స్టేషన్ నుంచి తీసుకురావడానికి బయల్దేరుతూ భార్య గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, మీరు బల్ల జోలికి మాత్రం వెళ్ళకండి. ఊరికే కూర్చోండి, అదే పదివేలు."

చెప్పడానికేం, ఎంతైనా చెప్పొచ్చు. గుమస్తాగారు కూర్చోవాలిగా. ఆయన కాలుగాలిన పిల్లి. ఆఫీసులో ఫైళ్ళ కన్నా ఆయనే ఎక్కువ బల్లలు తిరుగుతారని పేరు. టీ గ్లాసు చేతబట్టుకుని గదంతా ఓ చుట్టు తిరిగారు. కిటికీ తెరిచారు, దుమ్ము వస్తుందని మూశారు, గాలి ఆడటం లేదని మళ్ళీ తెరిచారు. అప్పుడు మధ్య చొక్కా మెడపట్టీ వంకరగా ఉన్నట్టు తోచి సరిచేయబోయారు. గ్లాసు కూడా ఆ చేతిలోనే ఉందన్న సంగతి టీ ఒలికాక తెలిసింది.

ఆ గుడ్డ సంగతి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. అది పురుగుమందులు కొట్టకుండా పండించిన పత్తి. తెల్లగా కాకుండా మొక్క మీదే లేత గోధుమరంగులో కాస్తుంది కాబట్టి దానికి రంగు అద్దే పని లేదు. దాన్ని ఎలా ఉతకాలో, ఉతికితే ఏమవుతుందో భార్య ఆయనకు చెప్పని రోజు లేదు. "చల్లనీళ్ళు, మెత్తని సబ్బు, నీడలో ఆరేయాలి" అనే దాకా విని ఆయన ఫ్యాను ఎందుకు చప్పుడు చేస్తోందో చూడటానికి లేచిపోయేవారు. మిగతా సగం ఆవిడ కుట్టుమిషనుకే చెప్పుకునేది.

అందుచేత చల్లనీళ్ళు, మెత్తని సబ్బు వరకు ఆయన తప్పేమీ చేయలేదు. మరక పోయింది. కానీ రుద్దిన చోట గుడ్డ చుట్టుపక్కల కన్నా ఓ పిసరు ముదురుగా కనిపించింది. టీ పాకిందనుకుని దాని చుట్టూ రుద్దారు. ముదురు రంగు కూడా చుట్టూ పెరిగింది. సరే, సగం సగం ఎందుకని చొక్కా మొత్తం ముంచి ఉతికారు. చొక్కా మొత్తం ముదిరింది. టీ గ్లాసులో అంత టీ ఎక్కడిదో ఆయనకు అంతుపట్టలేదు.

చప్పుడు విని పక్కగదిలోంచి అత్తగారు వచ్చింది. ఆవిడకు ఉతుకుడు విషయంలో ఒకరి సలహా పుచ్చుకునే అలవాటు లేదు. మొండి మరకకు మెత్తని సబ్బేమిటని అల్లుణ్ణి మందలించి, నీళ్ళు మరగబెట్టించి, దోసెడు వంటసోడా వేయించింది. వేడికీ సోడాకీ కలిపి చొక్కా బెల్లం రంగుకు దిగింది. ఇస్త్రీ చేసి మిగతా రెండింటి మధ్య పెట్టి చూశారు. తప్పిపోయి వేరే ఇంటికొచ్చిన పిల్లవాడిలా ఉంది.

పాపం, ఆ కుట్లు సరిగ్గా రాలేదని భార్య విప్పి మళ్ళీ కుట్టడం గుమస్తాగారు కళ్ళారా చూశారు. తన వల్ల ఆవిడ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందేమోనని నిజంగానే భయమేసింది.

అత్తగారు మాత్రం గుండె నిబ్బరం గల మనిషి. "ఒకటి మాడితేనే మాడిందని తెలుస్తుంది అల్లుడుగారూ. మూడూ మాడితే అదే రంగనుకుంటారు" అంది.

ఆ కంగారులో ఆయనకది వేదవాక్యంలా వినిపించింది. మిగతా రెండూ బకెట్లో పడ్డాయి. ఒకటి ఎక్కువ ముదిరితే దానికి సరిపడా ఇంకొకటి, ఇది దాన్ని దాటిపోతే మళ్ళీ మొదటిది, ఇలా ఆ మూడింటినీ సమానం చేసేసరికి ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా తడిశాయి. చివరి ఇస్త్రీ పూర్తవుతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

షాపావిడ నెమ్మదస్తురాలు. చొక్కా తిప్పి కుట్లు చూసింది, లోపలివైపు చెంపకు ఆనించుకుని మెత్తదనం చూసింది, తల పంకించింది. తర్వాత సంచీలోంచి భార్య ముందే పంపిన గుడ్డముక్క తీసి పక్కన పెట్టింది. ముక్క లేత గోధుమరంగు, చొక్కా బెల్లం రంగు.

"రంగు వేయని గుడ్డ కావాలన్నాను" అంది షాపావిడ. "పసివాళ్ళ ఒంటి మీద వేసేది. మీరు అద్దకం వేయించారు."

భార్య ముఖం పాలిపోయింది. వేయించలేదని, అది పత్తి రంగేనని చెప్పింది. అందరూ అలాగే చెబుతారని, రెండు ఉతుకులకు వెలిసిపోయాక ఫోను కూడా ఎత్తరని అంటూ షాపావిడ సంచీ భుజానికి తగిలించుకుంది. అత్తగారు వెనక నుంచి అల్లుడి చొక్కా పట్టుకుని లాగింది, నోరు విప్పొద్దని దానర్థం. కానీ భార్య కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాక ఆయనకు నోరు ఆగలేదు.

"ఆవిడ తప్పేం లేదండీ, నేను ఉతికాను" అన్నారు. "టీ ఒలికింది. ఉతికితే నల్లబడింది. నల్లబడిందని మళ్ళీ ఉతికాను. వేడినీళ్ళతో, సోడాతో. ఎన్నిసార్లో నాకే గుర్తులేదు."

షాపావిడ సంచీ దించింది. "ఉతికితే ముదిరిందా? వెలవలేదా?"

"ఈ పత్తి ఉతికినకొద్దీ ముదురుతుందండీ" అంది భార్య. "ఈయనకు నెలల తరబడి చెబుతున్నాను." వింటే కదా అన్న మాట ఆవిడ అనలేదు, చూసింది.

షాపావిడ మాటలు నమ్మే రకం కాదు. తన గుడ్డముక్కే ఆయన చేతికిచ్చి ఉతకమంది. గుమస్తాగారు ఆవిడ కళ్ళెదుటే వేడినీళ్ళలో ముంచి, సోడా వేసి, పొద్దుటి నుంచి చేసిన సాధననంతా చూపించారు. నీళ్ళలోకి రంగు దిగలేదు సరికదా, ముక్కే నెమ్మదిగా చొక్కాల రంగుకు వచ్చింది. ఆవిడ దాన్ని చొక్కా పక్కన పెట్టి చాలాసేపు చూసింది. చొక్కాలు వేలెడు పొట్టివైనట్టున్నాయే అని కూడా పట్టేసింది. మొదటి ఉతుకులకు గుడ్డ అంత కుంచించుకుపోతుందని తెలిసే ఎక్కువ ఉంచి కత్తిరించానని భార్య చెప్పింది.

"ఆర్డరు మీకే" అంది షాపావిడ. "కానీ లేతరంగు వద్దు, ఈ ముదురే కావాలి. ప్రతి చొక్కా ఇలాగే ఉతికి పంపాలి, కొన్నవాళ్ళింట్లో ఇక రంగూ మారకూడదు, పొట్టీ కాకూడదు."

భార్య కళ్ళు తుడుచుకుని తప్పకుండా అంది. ఎవరు ఉతుకుతారన్నది ఎవరూ అడగలేదు. అల్లుడుగారి చెయ్యి మంచిదని అత్తగారు షాపావిడకు వివరంగా చెప్పింది.

ఆ కుట్టుపని పెరిగి, ఇప్పుడు వీధి చివర భార్యాభర్తలకు సొంత దుకాణం ఉంది. వచ్చినవాళ్ళకు గుమస్తాగారిని నాణ్యతా విభాగం అధిపతిగా పరిచయం చేస్తారు. ఆ విభాగంలో ఉన్నది ఆయన, ఒక బకెట్టు.