ఒక మొహానికి ఒక ముక్క

సంస్కారపు ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం, దీపాలు పెట్టే వేళకి, బెతనియపేటలో ఎవరికి ఎవరి మీద పగ ఉంటే వాళ్ల మొహం వీళ్లకి వచ్చేస్తుంది. ఆదివారం ఆరాధన ముగిసి అయ్యగారు ఆశీర్వచనం పలికేదాకా ఉండి, ఆ తర్వాత ఎవరిది వాళ్లకి పోతుంది. నెలనెలా వచ్చేదే కనుక దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కుళాయిలో నీళ్లయినా ఒక్కో రోజు రావు గానీ ఇది మాత్రం తప్పదని పేటలో చెప్పుకుంటారు.

రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ముందు మనిషి తన్ను తాను పరీక్షించుకోవాలనీ, తగువు పడ్డవాళ్లతో సమాధానపడి రావాలనీ అయ్యగారు ఎప్పుడూ చెబుతూనే ఉంటారు. పూర్వం ఆ పరీక్ష మనసులో జరిగేది, అందరూ పాసయ్యేవారు. అది మొహాల మీదికి వచ్చాక సంఘపెద్దలు కూర్చుని ఆలోచించారు. సమాధానపడటం ఎటూ ఆలస్యమయ్యే పని, ఈలోగా ఆరాధన ఆగకూడదు కదా. అందుకని రెండు నిబంధనలు చేశారు. చర్చిలో చోటు మొహాన్ని బట్టి. బల్ల దగ్గర ఒక మొహానికి ఒక ముక్క. ఒకరినొకరు సమానంగా ద్వేషించుకునేవాళ్ల విషయంలో ఏ చిక్కూ లేదు. మొహాలు అటూ ఇటూ అవుతాయంతే, లెక్క సరిపోతుంది. ఒకసారి బిషప్పుగారు వచ్చి, ఒక్కరు కూడా తప్పిపోకుండా నిండుగా ఉన్న బెంచీలు చూసి, ఇంత ఐక్యత గల సంఘాన్ని తానెక్కడా చూడలేదని మెచ్చుకుని వెళ్లారు. ఇంకా బల్లలో చేరని, అంటే రొట్టె పుచ్చుకోవడం మొదలుపెట్టని పిల్లలకి మాత్రం ఎవరి మొహం వాళ్లకే ఉంటుంది. వాళ్ల కోపాలు శుక్రవారం దాకా నిలవవు.

ఎలీసమ్మ, దోర్కమ్మ ఏళ్ల తరబడి మొహాలు మార్చుకుంటున్నారు. దోర్కమ్మ ఎలీసమ్మకి ఆడపడుచు, పోయిన భర్తకి అక్క. రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. సంస్కారానికి వాడే ద్రాక్షరసం ఒకప్పుడు ఎలీసమ్మ చేసేది. ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, వేడివేడిగా పల్చటి గుడ్డలో పోసి పిండేది. ఒక స్త్రీల కూడికలో దోర్కమ్మ అందరి ముందూ లేచి, "మా ఎలీసమ్మ రసం తాగితే దాహం తీరుద్దమ్మా, నీళ్లే కదా" అంది. అందరూ నవ్వారు. మర్నెల నుంచి రసం చేసే పని దోర్కమ్మ చేతికి వెళ్లింది. అంతే జరిగింది. అంతకన్నా పెద్ద కారణం కావాలంటే దొరకదు.

అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు గానీ ఏర్పాట్లున్నాయి. కళ్లు కూడా మొహంతో పాటే పోతాయి కనుక, శుక్రవారం సాయంత్రం దోర్కమ్మ తన కళ్లజోడు తెచ్చి మధ్య గోడ మీద పెడుతుంది. ఎలీసమ్మ తీసుకుంటుంది. పళ్లు కూడా మొహంతోనే. దోర్కమ్మ దవడ పన్ను పుచ్చిపోయింది. నెలకి రెండు రాత్రులు ఆ పోటు ఎలీసమ్మ పడుతుంది. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి అదేదో తనే పీకించేసుకుందామనుకుని, పగవాళ్లకి అంత మేలు చేయడమెందుకని ఊరుకుంది.

ఇలాగే సాగిపోయేది. కానీ ఈసారి సంస్కారపు ఆదివారం ఎలీసమ్మ కూతురు తబిత బల్లలో చేరుతోంది. మొదటిసారి బల్ల దగ్గర మోకరించేటప్పుడు కన్నతల్లి పక్కన మోకరించాలి. అది పేటలో ఆచారం. ఆ రోజు ఆడవాళ్లందరివీ తెల్ల చీరలే. చోటు మొహానిది. అంటే ఎలీసమ్మ మొహం పెట్టుకుని తబిత పక్కన మోకరించేది దోర్కమ్మ. కన్నతల్లి ఎక్కడో స్తంభం వెనక, దోర్కమ్మ చోట్లో.

"అత్త పక్కన ఉంటే నేను నోరు తెరవనంతే," అంది తబిత. "నువ్వే ఉండాల. నీ మొహంతోనే ఉండాల."

పిల్ల సంబరం అంతా ఇంతా కాదు. నెల రోజులుగా సాయంత్రాలు అయ్యగారి ఇంట్లో పాఠాలు. ఇంటికొచ్చి అంట్లు తోముతూ వాటినే వల్లె వేసేది. రొట్టె ఒక్కటే ఎందుకు? తినే మనమంతా ఒక్కటే కనుక. గింజలన్నీ నలిగితేనే రొట్టె, పళ్లన్నీ నలిగితేనే రసం. ఈ జవాబులు చెబుతుంటే ఆ పిల్ల కళ్లు మెరిసిపోయేవి. అవి విని ఎలీసమ్మకి కడుపు నిండేది, ఆ వెంటనే శుక్రవారం గుర్తొచ్చేది. ఈసారి ఎలాగైనా దోర్కమ్మని క్షమించి తీరాలి.

క్షమించడానికి చేయాల్సినవన్నీ చేసింది. ఉపవాసం ఉంది. అయ్యగారి దగ్గరికెళ్తే ఆయన, "పోరు నష్టం, పొందు లాభం అన్నారమ్మా పెద్దలు," అని ప్రార్థన చేసి పంపారు. అరిసెలు చేసి గోడ మీద పెట్టింది. అటువైపు నుంచి గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది, మాట మాత్రం రాలేదు. దోర్కమ్మ మంచి గుణాలు ఆలోచించబోతే ఒకటీ అరా తట్టాయి. శుక్రవారం దీపం పెట్టి అద్దంలో చూసుకుంటే దోర్కమ్మే కనిపించింది. గోడ మీద కళ్లజోడు సిద్ధంగా ఉంది. తబిత తల్లి వంక చూసి, లోపలికెళ్లి దుప్పటి ముసుగు పెట్టింది.

శనివారం పొద్దున మొహం కడుక్కుంటుంటే ఎలీసమ్మకి గడ్డం కింద చుర్రుమంది. అద్దం దగ్గరికెళ్లి కళ్లజోడు సవరించుకుని చూసింది. గడ్డం నుంచి మెడ దాకా పొక్కులు. ఎర్రగా, చారగా, కింద కొసదేరి. అది ఎలా కాలిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఉడికిన ద్రాక్ష పిండేటప్పుడు పాతగుడ్డ పుటుక్కున చిరిగితే అలాగే చిందుతుంది. కొత్తలో తనకీ చిందింది. దోర్కమ్మ ఈ సంగతి పేటలో ఒక్కరికీ చెప్పలేదు. నీళ్ల రసం అని నవ్వించిన నోటితో చేయి కాలింది, మెడ కాలిందని ఎలా చెబుతుంది!

ముందు ఎలీసమ్మకి నవ్వొచ్చింది. బాగా అయ్యిందనుకుంది. తర్వాత ఆ మంట తనదే కనుక గూట్లోంచి మందు తీసి నెమ్మదిగా రాయడం మొదలుపెట్టింది. రాస్తుంటే, ఈ మంటతోనే కదా మనిషి రాత్రి పూట ఒంటరిగా కూర్చుని మిగతా రసం పిండి ఉంటుంది, ఒక్కర్ని సాయం పిలవడానికి మొహం చెల్లక, అనిపించింది. "అయ్యో వదినా," అంది పైకే. ఆ మాట నోట్లో ఉండగానే వేళ్ల కింద చర్మం చల్లబడింది. పన్ను పోటు ఆగింది. కళ్లజోడు లోంచి అంతా మసకమసగ్గా అయింది. తీసేసి చూస్తే అద్దంలో ఎలీసమ్మ.

"తబితా! ఒసే తబితా!"

పిల్ల పరిగెత్తుకొచ్చి, తల్లిని చూసి, కెవ్వున అరిచి మెడ కావలించుకుంది. ఇద్దరూ నవ్వారు, ఏడ్చారు, మళ్లీ నవ్వారు. చీరలకి గంజి పెట్టారు. ఆ రాత్రి ఎలీసమ్మ తన పళ్లతో తను హాయిగా అన్నం తింది. కళ్లజోడు తుడిచి గోడ మీద పెట్టింది గానీ అది ఎవరూ తీసుకోలేదు. దోర్కమ్మకి దాంతో పనిలేదు. ఆమె మీద ఇంకా ఎలీసమ్మ మొహమే ఉంది.

ఈ సంగతి ఎలీసమ్మకి తట్టలేదు. ఆదివారం తబితని పిల్లలతో ముందు పంపించి, తను పూలగుత్తి పట్టుకుని, రెండో గంట కొడుతుండగా ఎగురుకుంటూ వెళ్లినట్టే వెళ్లింది. గుమ్మంలో సంఘ కార్యదర్శి యెషయాగారు ఆపారు. ఆయనకీ పాత కోశాధికారికీ ఒకరి మీద ఒకరికి కోపం. కోశాధికారి పోయి రెండేళ్లయినా ఈయన కోపం పోలేదు కనుక, ఆ పోయినాయన మొహంతోనే సంస్కారానికి వస్తున్నారు.

"వందనాలమ్మా. ఎలీసమ్మగారు లోపలున్నారే," అన్నారు.

"నేనేనండీ ఎలీసమ్మని."

"మీరే, కాదన్లేదు. కాకపోతే ఎలీసమ్మగారు మొదటి గంటకే వచ్చి కూర్చున్నారు. ఒక మొహానికి ఒక ముక్కని మీకు తెలీనిదా? పైగా దోర్కమ్మగారు అసలు రానేలేదు. ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ. నేనేం చెయ్యనండీ?"

లోపల ముందు వరసలో తబిత పక్కన తన మొహమే తలమీద ముసుగుతో కూర్చుని ఉంది. తబిత మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తోంది. ఎలీసమ్మ బతిమాలితే దోర్కమ్మని మెట్ల దగ్గరికి పిలిపించారు.

"వదినా, నాకు నీ మీద ఏం లేదు వదినా," అంది ఎలీసమ్మ. "నువ్వు కూడా వదిలెయ్. పిల్ల మొదటిసారి. మెడ కాలిన చోట మందు రాశాను, తగ్గుద్ది."

దోర్కమ్మ మీదున్న ఎలీసమ్మ మొహం ఎర్రబడింది. "కాలిందని నీకెవరు చెప్పారు?"

"నీ మొహమే."

"చూశావా! చూసి మురిసిపోయుంటావ్. ఇప్పుడు పెద్ద మనసుతో క్షమించేశావా నన్ను? ఎవరడిగారే నిన్ను క్షమించమని?" అంది దోర్కమ్మ. ఇంతకుముందు ఆమెకి మామూలు కోపమే ఉండేది. ఇప్పుడు అవమానం కూడా కలిసి ఆ మొహం ఆమె మీద మేకు కొట్టినట్టు బిగిసిపోయింది. గిరుక్కున తిరిగి లోపలికెళ్లి తబిత పక్కన కూర్చుంది.

అయ్యగారు వచ్చారు. విషయం విని నిజంగానే బాధపడ్డారు. మంచివారాయన. "మీరు చేసింది ఉత్తమమైన పనమ్మా. కాకపోతే ఒక్కరే చేశారు. ఇలాంటిది ఇద్దరూ చేయాలి, లేకపోతే ఇద్దరూ మానాలి. ఒక్కరే చేస్తే ఆరాధన ఆగిపోతుంది." లోపలికోసారి తొంగిచూసి, "కాస్త కోపం తెచ్చుకోగలరా? ఊరికే, దోర్కమ్మగారి మొహం వచ్చేంత. లోపల ఆమె చోటు ఖాళీగానే ఉంది. కనీసం చర్చిలో ఉంటారు, అమ్మాయిని చూసుకోవచ్చు," అన్నారు.

యెషయాగారు సాయం చేశారు. స్త్రీల కూడికలో దోర్కమ్మ అన్న మాట గుర్తుచేశారు. ఎవరెవరు ఎంతెంత నవ్వారో చెప్పారు. ఎలీసమ్మకి తెలియనివి కూడా రెండు మూడు చెప్పారు. ఎలీసమ్మ కళ్లు గట్టిగా మూసుకుని మనస్ఫూర్తిగా ప్రయత్నించింది. కూతురి కోసం ఏం చేయమన్నా చేసేదే. కానీ ఆ కాలిన మచ్చే కళ్ల ముందుకొచ్చింది. మొహం మారలేదు.

"పోన్లెండి," అన్నారు యెషయాగారు దయగా. "కిటికీ పక్కన నీడగా ఉంటుంది. అక్కడ నిలబడండి." తలుపు దగ్గరగా వేశారు.

హార్మోనియం మొదలైంది. కిటికీ ఊచల్లోంచి ఎలీసమ్మ చూస్తోంది. తబిత లేచి నిలబడి, మూసిన తలుపు వంక చూసింది, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ యెషయాగారి వంక చూసింది. అలా చూస్తూనే ఉంది. చూస్తుండగా ఆ లేత మొహం మీద కనుబొమలు దట్టంగా మొలిచాయి. బుగ్గలు జారాయి. పై పెదవి మీద నెరిసిన మీసం వచ్చింది. రెండేళ్లుగా ఏ సంస్కారపు ఆదివారమూ ఎవరికీ కనిపించని యెషయాగారి అసలు మొహం, తెల్ల చీర మీద నిండుగా వెలిసింది.

చర్చిలో గుసగుస కాదు, సంతోషం పుట్టింది. పెద్దలు ఒకరి చేయి ఒకరు నొక్కుకున్నారు. యెషయాగారు తన మొహాన్ని తను చూసుకుని కళ్లు తుడుచుకున్నారు. చోటు మొహానిది కనుక తబితని నడిపించుకెళ్లి మగవాళ్ల వైపు, రెండేళ్లుగా ఖాళీగా ఉన్న యెషయాగారి చోట్లో మోకరింపజేశారు. అయ్యగారు రొట్టె విరిచి మీసం కింద నోట్లో పెట్టారు. పిల్ల నోరు తెరిచింది. అందరూ ఆమెన్ అన్నారు. కిటికీ అవతల ఎలీసమ్మ కూడా అంది, ఏడుస్తూ అంది.

ఆశీర్వచనం కాగానే తబిత తన మొహంతో పరిగెత్తుకుంటూ బయటికొచ్చింది. ఊపిరాడటం లేదు పిల్లకి. "అమ్మా, అయిపోయిందే! నేను పెద్దదాన్నయిపోయానంటున్నారే అందరూ! కొందరికి మొదటి నెల్లో మొహం రాదంట, నాకు అప్పటికప్పుడే వచ్చేసిందంట. అయ్యగారు కేకు కూడా కోయించారు." తల్లి చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "వచ్చే నెల నువ్వు కూడా లోపలికి రావే అమ్మా. ఏముంది, కాస్త కోపం తెచ్చుకుంటే సరిపోద్ది," అంది.

ఎలీసమ్మ కూతురి బుగ్గ తడిమి చూసింది. అది కూతురి బుగ్గే. ఇద్దరూ ఇంటివైపు నడిచారు. పిల్ల ముందు గెంతుకుంటూ పోతుంటే, ఎలీసమ్మ వెనక నడుస్తూ, దోర్కమ్మ ఆనాడన్న మాటని మనసులో అనుకుని చూసింది. మా ఎలీసమ్మ రసం తాగితే దాహం తీరుద్దమ్మా, నీళ్లే కదా. మొదటిసారి నవ్వొచ్చింది. మళ్లీ అనుకుంది. ఈసారి నవ్వు రాలేదు. వీధి మలుపు తిరిగేసరికి ఎక్కడో కొంచెం చురుక్కుమంది, ఇంకా నెల రోజులుంది కదా, ఫరవాలేదనుకుంది.