ఎర్రమడుగు మీద నలభై సెకన్లు

ఒక పెద్ద అడవిలో, సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, ముంగిస నాగరత్నం టీ గ్లాసు కడుక్కుంటోంది. గుక్కెడు నీళ్లతో కడిగి, ఆ నీళ్లు పారబోయకుండా చిప్పలో పోసి పక్కన పెట్టింది. ఎండాకాలం. అడవి మొత్తానికి నీళ్లు మిగిలింది ఎర్రమడుగులోనే.

మడుగు దగ్గర వంతులున్నాయి. ఆరు నుంచి ఏడు దాకా చిన్న జంతువులు, ఏడు దాటాక అడవిపందులు. పందులు ఆరున్నరకే వచ్చేవి. కిందికి చూసి నడిచే అలవాటు వాటికి లేదు. మొన్న శనివారం నాగరత్నం చిన్నకొడుకు కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. ఎవరు తొక్కారని అడిగితే "పెద్దవాళ్లు" అన్నాడు.

పందుల వంతును ఎనిమిదింటికి జరపాలని చిన్న జంతువులు అర్జీ పెట్టుకున్నాయి. అర్జీతో పాటు ఒక సినిమా కూడా చూపించుకోవచ్చని అడవి మండలి దయతలచింది. శుక్రవారం ఉదయం పదింటికి ప్రదర్శన, ఆ వెంటనే తీర్పు. తీర్పు వేసవంతా చెల్లుతుంది.

ఆ సినిమా నాగరత్నం చేతిలో ఉంది. ఆమె అడవి దృశ్య విభాగంలో ఎడిటర్. మడుగు గట్టు మీద పెట్టిన కెమెరా పట్టిందంతా చూసి, ఏరి, కత్తిరించి, ఆరు నిమిషాల నలభై సెకన్లకు తెచ్చింది. కుంటే కుందేళ్లున్నాయి. బురదలో గిట్టల గుర్తులున్నాయి. తొక్కుతున్న దృశ్యం మాత్రం లేదు. శనివారం నాటి కెమెరా కార్డు ఇంకా చూడాలి.

ఆఫీసులో అడుగు పెట్టేసరికి డైరెక్టర్ ఎలుగుబంటి పెద్దిరాజు గారు ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నారు.

"ఏ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నావమ్మా?"

"బండలో సార్. ఈ కంప్యూటర్‌లో ఉన్నది అదే."

"అదే వచ్చింది చిక్కు. విభాగమంతా ఒకే సాఫ్ట్‌వేర్ వాడాలని పైనుంచి కాగితం వచ్చింది. ఏది వాడాలో కాగితంలో లేదు. అది తేలేదాకా ఏ సినిమా బయటికి పోకూడదు."

"శుక్రవారం పదింటికి మండలి ఉంది సార్."

"అందుకేనమ్మా, ఆలస్యం చేయకుండా ఇవాళే కమిటీ వేస్తున్నాను."

కమిటీలో ముగ్గురు. ఉడుము కోదండం పదహారేళ్లుగా బండలోనే పనిచేస్తున్నాడు. ఆయన కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి నున్నగా మెరుస్తుంటాయి. కోతి ఉల్లాస్ కొత్తగా చేరాడు. తీగ అనే సాఫ్ట్‌వేర్ తప్ప మిగతావి ముసలివాళ్లకని అతని నమ్మకం. మూడోవాడు నక్క భాస్కరం. మెరుపు అనే సాఫ్ట్‌వేర్‌లో గుర్తింపు పొందిన శిక్షకుడినని మెడలో పట్టీ వేసుకుని తిరుగుతాడు. మెరుపు నెగ్గితే విభాగమంతటికీ పాఠాలు చెప్పేది అతనే. పాఠాలు చెప్పేవాడికి ఇక సినిమాలు కత్తిరించే పని ఉండదు.

నక్కలు పోయినేడు అర్జీ పెట్టుకుని చిన్న జంతువుల జాబితాలో చేరిన సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఉదయం వంతు వాళ్లకు అలా వచ్చింది.

మంగళవారం చర్చ మొదలైంది.

"బాబాయ్, మీ బండ తెరుచుకునేలోపు నేను రెండు సినిమాలు కోసేసి, పండు తినేసి వస్తా" అన్నాడు ఉల్లాస్.

"తెరుచుకున్నాక నిలబడుతుందిరా అబ్బాయ్. నీ తీగ నడిమధ్యలో పుటుక్కుమంటుంది. మొన్న పెళ్లి వీడియోలో తాళి కట్టే ముక్క ఏమైంది?"

"అది తీగ తప్పు కాదు. కరెంటు పోయింది."

"కరెంటు నాకూ పోయింది. నా తాళి నాకుంది."

భాస్కరం ఇద్దరి వైపూ చూసి తలూపాడు. "మీరిద్దరూ చెప్పింది నిజమే. అందుకే మెరుపు."

"ఏందయ్యా అందుకే?" అన్నాడు కోదండం. "కట్ చేయాలంటే నా ఎడమ చెయ్యి దానంతటదే పోతుంది. నీ మెరుపులో కట్ మీట కుడివైపుంది. పదహారేళ్ల చేతిని ఎక్కడ పారేసుకోమంటావు?"

ఆ రోజు నిజాయితీగా వచ్చిన వాదన అదొక్కటే. కమిటీ దాన్ని నమోదు చేయలేదు.

నాగరత్నం గుమ్మం దగ్గర నుంచి అడిగింది. "చూసేవాళ్లకి తేడా తెలుస్తుందా అండీ?"

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆ వారంలో వాళ్లు ముగ్గురూ ఏకమైంది అప్పుడే.

"చూసేవాళ్లకి ఏం తెలుసమ్మా!" అన్నాడు కోదండం.

బుధవారం భాస్కరం ఒక పథకంతో వచ్చాడు. "మాటలెందుకు సార్? పరీక్ష పెట్టండి. ఒకే క్లిప్ ముగ్గురికీ ఇద్దాం. మొదటి నలభై సెకన్లే తీసుకుని ఎవరి సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు చేసుకొస్తాం. ఏది ఎవరిదో తెలియకుండా మీరు తీర్పు చెప్పండి."

పెద్దిరాజు గారికి ఇది న్యాయంగా తోచింది. భాస్కరం క్లిప్ కూడా తనే ఎంచాడు. పొద్దుటి ఎండలో ఒక ముసలి అడవిపంది మడుగులో నీళ్లు తాగుతోంది. మొత్తం నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. మెరుపులో నీటిచుక్కల్ని నెమ్మదిగా రాల్చవచ్చు, ఎండను బంగారంలా మార్చవచ్చు. ఆ నలభై సెకన్ల మీద అతను సోమవారం నుంచీ సాధన చేస్తున్నాడు.

"శనివారం కార్డు కనబడటం లేదండీ" అంది నాగరత్నం.

"నా దగ్గరుందమ్మా. పరీక్ష క్లిప్ అందులోదే. పరీక్ష అయ్యేదాకా సీలు."

"ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను. నా సినిమాకు ఒక్క దృశ్యం తక్కువైంది."

"నువ్వు బండ మనిషివి కదమ్మా" అన్నాడు భాస్కరం నొచ్చుకుంటూ. "నీకు చూపిస్తే ఒక పక్షానికి మేలు చేసినట్టు కాదూ?"

పెద్దిరాజు గారు మెచ్చుకుంటూ తలూపారు.

గురువారం మూడు పెన్‌డ్రైవ్‌లు బల్ల మీదికి వచ్చాయి. పేరు రాస్తే పక్షపాతం, అంకె వేస్తే ఒకటో నంబరుకు మొగ్గు అని, మూడింటి మీదా "ఎర్రమడుగు" అనే రాయించారు. అసలు క్లిప్ ఉన్న పెన్‌డ్రైవ్ మీద కూడా అదే రాశారు.

ఒకదాంట్లో పంది నిదానంగా వచ్చి నిదానంగా తాగింది. ఇంకోదాంట్లో డప్పుల మోతకు గెంతుతూ తాగింది. మూడోదాంట్లో బంగారు నీళ్లు తాగింది.

"చూశారా, ఆ నిలకడ! బండకే సాధ్యం" అన్నాడు కోదండం మూడోదాన్ని చూసి.

"బాబాయ్, అది నాది" అన్నాడు ఉల్లాస్.

భాస్కరం లేచి నిలబడ్డాడు. "క్షమించాలి, అది నాది. నా నీటిచుక్కల్ని నేను గుర్తుపట్టలేనా?"

మళ్లీ వేసి చూశారు. ఈసారి ఏది ముందు వేశారో ఎవరికీ గుర్తులేదు. రెండు గంటలు గడిచాక, వాళ్లు చేసిన ముక్కల్ని వాళ్లే పోల్చుకోలేకపోతున్నారని తేలింది. నాణ్యత మూడింటా సమానంగా ఉన్నందువల్ల నిర్ణయం వాయిదా వేస్తున్నట్టు పెద్దిరాజు గారు రాసుకున్నారు.

సాయంత్రం నాగరత్నం ఎవరినీ అడగకుండా తన సినిమాను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. మండలి కాగితంలో ఉన్న పేరే దాని మీద రాసింది: ఎర్రమడుగు. మండలిలో తెర దగ్గర పనిచేసేది గుడ్లగూబ సుగుణమ్మ. ఆమెకిద్దామని బయల్దేరుతుంటే పెద్దిరాజు గారు ఎదురొచ్చి చెయ్యి చాపారు.

"నేరుగా ఇవ్వకూడదమ్మా. పద్ధతుంది. ఏ సాఫ్ట్‌వేరో తేలలేదు కాబట్టి ఒక్కటే కాదు, అన్నీ పంపాలి." ఆమె చేతిలోది తీసుకుని, బల్ల మీది నాలుగింటితో కలిపి ఒకే సంచిలో వేసి, మూతి కట్టి, సీలు వేశారు.

"సార్, ఏది నాదో ఎలా తెలుస్తుంది?"

"అదే కదమ్మా నిష్పక్షపాతం."

శుక్రవారం పది గంటలకు సుగుణమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. పగటిపూట ఆమెకు చూపు ఆనదు. ఆనినా అన్నింటి మీదా ఉన్నది ఒకటే పేరు. చేతికందింది పెట్టింది.

తెర మీద పొద్దు పొడిచింది. ముసలి పంది మడుగులో మూతి పెట్టింది.

మూడో సెకనుకే నాగరత్నం లేచింది. "ఇది కాదండీ!"

"కూర్చోమ్మా" అన్నారు పెద్దిరాజు గారు. "ఏది అనేది మనం చెప్పకూడదు."

మండలి పెద్ద ఏనుగు కళ్లు తుడుచుకున్నాడు. నలభై సెకన్లయ్యేసరికి ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. సభంతా లేచింది. సినిమా అయిపోయిందనుకుని సుగుణమ్మ ఆపేసింది.

"ఎంత దాహం! ఆ పెద్దప్రాణి ఎంత దాహంతో ఉందో చూశారా? ఏడింటిదాకా ఆగమనడం మన తప్పు" అన్నాడు ఏనుగు.

చప్పట్లు ఆగకముందే భాస్కరం పక్కవాడితో అన్నాడు. "మెరుపు. ఆ బంగారు ఎండ చూశావా?"

"తీగ" అన్నాడు ఉల్లాస్.

"ఒక్క కుదుపు లేదు. బండ" అన్నాడు కోదండం.

తీర్పు చదివారు. ఇకమీదట అడవిపందులు ఆరింటికే రావచ్చు. చిన్న జంతువుల వంతు మధ్యాహ్నం పన్నెండుకు.

"అది తీగ పనిలా ఉంది" అన్నాడు భాస్కరం.

"నాది కాదు" అన్నాడు ఉల్లాస్. కోదండం వంతుల కాగితం తీసి చూసుకున్నాడు. ఉడుములు కూడా చిన్న జంతువుల జాబితాలోనే ఉన్నాయి.

శనివారం పన్నెండింటికి మడుగులో బురద ఉంది. దాని మీద బెత్తెడు నీళ్లున్నాయి. వరసలో నాగరత్నం వెనకే భాస్కరం నిలబడ్డాడు, మెడలో పట్టీతో. ముందుకు వంగి అన్నాడు. "నీ సినిమా వేసి ఉంటే బాగుండేదేమోనమ్మా."

నాగరత్నం చిప్ప ముంచింది. సగం నిండింది. కొడుకుని పిలిచి తాగమంది.

తరువాతి గురువారం మండలి నుంచి సంచి తిరిగొచ్చింది. ఒక పెన్‌డ్రైవ్‌కి "ప్రదర్శించినది" అని చీటీ అంటించి ఉంది. నాగరత్నం దాన్ని పెట్టి చూసింది. అది బండ కాదు, తీగ కాదు, మెరుపు కాదు. కత్తెర తగలని శనివారం క్లిప్. బంగారంలా ఉన్నది ఉత్త ఎండ. సభలో ఆపేసిన చోట ఆమె ఆపలేదు. రెండు నిమిషాల యాభయ్యో సెకనులో ముసలి పంది వెనక్కి తిరిగింది. దాని వెనక కాలి కింద ఒక చిన్న ముంగిస ఉంది.

దీన్నిబట్టి ఎడిటర్లు నేర్చుకున్నది: పరీక్ష క్లిప్ ఇకమీదట నలభై సెకన్లకు మించి ఉండరాదు.