కృతజ్ఞతలు నాలుగు పేజీలు

ఆ గురువారం పొద్దున డాక్టర్ జీవానందం పెట్టుకున్న పని ఒక్కటే: ఒక్క వాక్యం చెప్పి టైపు కొట్టించడం. మిగతాదంతా ముందే అయిపోయింది. మూడేళ్ళ శ్రమ పన్నెండు పేజీల వ్యాసమై, బల్ల మీద బుద్ధిగా పడుకుని ఉంది. మొదటి ఎనిమిది పేజీలు అసలు విషయం. తర్వాతి రెండూ ఏ రోగికి ఏ వారం ఎంత మందు ఇచ్చిందీ చూపే పట్టికలు. చివరి రెండూ తాను చదివిన విదేశీ పండితుల పేర్లు. ఎనిమిదో పేజీ అడుగున కృతజ్ఞతల కోసం ఒక వరస ఖాళీ వదిలాడు. అది నింపి పన్నెండు గంటల గూడూరు బస్సుకు ఇస్తే, అక్కడ రైలెక్కి శనివారానికి మద్రాసులో మనోవైద్య పత్రికవారికి చేరుతుంది. శనివారమే గడువు. పన్నెండు పేజీలకు ఒక్కటి మించినా చదవకుండా తిప్పి పంపుతామని వారి నియమం.

కోట ఊరికి తూర్పున, ఉప్పు పండించే కొటార్ల పక్కనున్న ఆ మిషన్ ఆసుపత్రిలో మనసు చెదిరినవాళ్ళ కోసం ఎనిమిది పడకల వార్డు ఒకటి ఉంది. ఆ పడకలు కాన్పుల వార్డులో కలిపేయాలని కమిటీవారికి ఏడాదిగా కోరిక. కాన్పుకు వచ్చినామె వారంలో బిడ్డనెత్తుకుని నవ్వుతూ పోతుంది. వీళ్ళు నెలల తరబడి గోడకేసి చూస్తూ కూర్చుంటారు. మీ వైద్యం వైద్యమేనని చదువుకున్నవాళ్ళెవరైనా ఒక్క ముక్క రాసిస్తే సరి, లేకపోతే మార్చి నెలాఖరుకు పడకలు మారతాయని అధ్యక్షుడు మర్యాదగానే చెప్పాడు. వార్డు పోతే ఆ ఎనిమిది మందీ మళ్ళీ ఇంటి వసారాల్లో గుంజలకు కట్టుబడి ఉంటారని జీవానందానికి తెలుసు. నరసయ్య అట్లాగే వచ్చాడు.

నరసయ్యది గుల్లదిబ్బ. ఆసుపత్రికి అరమైలులో ఉన్న చేపలవాళ్ళ పల్లె. తుపానులో తెప్ప తిరగబడి తమ్ముడు పోయినప్పటి నుంచి అతనికి మాట పడిపోయింది. రెండేళ్ళు ఊ అనలేదు, ఆ అనలేదు. వార్డులో చేరిన పద్నాలుగో వారం, మందు పెంచగానే, నోరు విప్పాడు. పట్టికలో ఆ వారం కింద జీవానందం ఎర్రసిరాతో గీత గీసుకున్నాడు. వ్యాసమంతా ఆ గీత మీదే నిలబడి ఉంది.

"ఈ పరిశోధనకు తోడ్పడిన వారందరికీ కృతజ్ఞతలు" అని చెప్పాడు జీవానందం.

టైపు మిషను ముందున్న ఆసుపత్రి గుమాస్తా సమాధానం వేళ్ళు ఆగిపోయాయి. అతను పద్దెనిమిదేళ్ళుగా చర్చికి కార్యదర్శి కూడా.

"అందరికీ అంటే ఎవురెవురికి డాక్టరు గారూ? అందరికీ అన్నామంటే ఎవురికీ చెప్పనట్టే."

చర్చికి పెంకులు మార్చినప్పుడు కృతజ్ఞత కూడికలో 'శ్రమపడిన అందరికీ' అని చదివిన పాపానికి రెండు కుటుంబాలు ఈనాటికీ బండి కట్టుకుని కోట చర్చికి పోతున్నాయని గుర్తు చేశాడు. జీవానందం నవ్వి, సరే, మేట్రన్ ఎలిశబెతమ్మ గారి పేరు వెయ్యమన్నాడు.

అంతలో ఆమే వార్డు తాళంచెవుల గుత్తి చప్పుడు చేసుకుంటూ వచ్చింది. కాగితం మీద తన పేరు చూసి సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు చుట్టూ చూసింది.

"నా పేరు వేసి వంటపిచ్చమ్మ పేరు విడిచిపెడితే రేపు నేను ఆ వంటింటి గడప ఎట్టా తొక్కేది?"

ఒక్క పేరే కదా, వెయ్యమన్నాడు జీవానందం. సమాధానం మళ్ళీ ఆగాడు. "ఎందుకని రాయాల? ఉత్తపేరు కృతజ్ఞత కాదండీ, హాజరుపట్టీ అవుతాది."

ఎందుకో ఎలిశబెతమ్మ చెప్పింది. నరసయ్య కొత్తగా వచ్చినప్పుడు అన్నం ముట్టేవాడు కాదు. అరగంట చూసి కంచం తీసెయ్యమనీ, తిన్నదెంతో రాయమనీ డాక్టరు ఆజ్ఞ. పిచ్చమ్మ కంచం తియ్యలేదు. ఎదురుగా కూర్చుని, నువ్వు తిన్నాకే నేనూ తినేదని మూడు రోజులు పస్తులుంది. మూడో రోజు సాయంత్రం నరసయ్య తన కంచంలో ముద్ద తీసి ఆమె ముందు పెట్టాడు. ఆ తర్వాత తానూ తిన్నాడు.

జీవానందం మెల్లగా తొమ్మిదో పేజీ తిప్పి చూశాడు. ఆ వారం ఎదురుగా 'మందు ప్రభావం వల్ల ఆకలి పెరిగినది' అని ఉంది.

కబురందుకుని పిచ్చమ్మ చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. తన పేరు మద్రాసు పోతుందంటే ముందు భయపడింది, తర్వాత మేట్రనమ్మ చేసింది రాశారా అని నిలదీసింది. రాయలేదు. రాత్రి ఎనిమిది కొట్టగానే వార్డుకు తాళం వెయ్యాలని డాక్టరు నియమం. తాళం చప్పుడు వింటే వణికే రోగి ఒకడుండేవాడు. ఎలిశబెతమ్మ తాళంచెవి అతని చేతిలోనే పెట్టి, నువ్వే వేసుకో, నువ్వే తీసుకో అంది. ఆ రోజు నుంచి అతను తలుపు వెయ్యనూ లేదు, బయటికి పోనూ లేదు.

"తాళం పడక ఎన్నాళ్ళయింది?" అన్నాడు జీవానందం.

"ఏడాదిన్నర" అంది ఎలిశబెతమ్మ కిటికీలోంచి చూస్తూ.

ఇక అక్కడితో ఆగి ఉంటే ఎట్లా ఉండేదో. కానీ పిచ్చమ్మది గుల్లదిబ్బే. తన పేరుండి పల్లెకు పెద్దకాపు, అంటే తీర్పులు చెప్పే పెద్ద, చిన్నపోలయ్య పేరు లేకపోతే అక్కడ తలెత్తుకోలేనని ఆయనకు కబురు పంపింది. తొమ్మిదిన్నరకు చిన్నపోలయ్య తెల్లటి తలపాగా చుట్టుకుని, వెనక పదిమందితో దిగాడు. ఆయనా తన సంగతి ఎత్తలేదు. ఈ ఊళ్ళో అదొక జబ్బు. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ పేరు పట్టుకుని వస్తారు, తీసెయ్యడానికి వీలు లేకుండా. ఆయన సంగతి వెనకవాళ్ళు చెప్పారు. నరసయ్య కడలి మీదికి పోకపోయినా రోజూ వల ఒడ్డుకు చేరగానే అతని వంతు చేపలు అతని తల్లికి పంపేవాడట. నరసయ్యను పిచ్చోడన్నవాడు మూడు రోజులు ఆ ఇంటికి నీళ్ళు మొయ్యాలని తీర్పు చెప్పాడట. మొదటి నెలంతా ఆ తల్లి నీళ్ళకు పోయే పనే లేకపోయింది.

చిన్నపోలయ్య అవన్నీ పక్కకు నెట్టి, వెనక దాక్కున్న ఒక ముసలామెను ముందుకు లాగాడు.

"రాసేదుంటే ఈ అంకాలమ్మను రాయండయ్యా. నరసయ్యకు మాట తెప్పించింది ఈమె."

జీవానందం బల్ల మీది వ్యాసం వైపు చూశాడు. మాట తెప్పించింది మందని అతను ఎనిమిది పేజీల్లో రుజువు చేసి ఉన్నాడు.

అంకాలమ్మ నోరు ఆ తీరమంతా పేరున్న నోరు. నరసయ్య తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. వారానికి రెండుసార్లు చేపల గంప దించి వార్డు కిటికీ దగ్గర నిలబడి, నువ్వు బతికొచ్చి వాణ్ణెందుకు వదిలేసినావురా అని మొదలుపెట్టి, నరసయ్యను ఏడు తరాలు తిట్టిపోసేది. రోగులకు ప్రశాంతత కావాలని డాక్టరు గోడ మీద రాయించిన బోర్డు కిందే నిలబడి తిట్టేది, చదువు రాదు గనక. పద్నాలుగో వారం మంగళవారం నరసయ్య తల తిప్పి, "నేను వదల్లా. వాడే చెయ్యి ఇడిసినాడు" అన్నాడు. ఇద్దరూ కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చారు.

"మందు పెంచింది ఏ రోజు?" అని జీవానందం తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"ఆ తర్వాత గురువారం" అంది ఎలిశబెతమ్మ, జాలిగా.

ఉప్పు కొటారులో వాన కురిసినట్టయింది. పట్టికలు కళ్ళ ముందే కరిగిపోయాయి. ఈలోపు సమాధానం తనకు గుర్తొచ్చినవీ చేర్చుకుంటూ పోయాడు. గూడూరు బస్సు డ్రైవరు మాలకొండయ్య, వార్డు నుంచి ఇంటికి పోయినవాళ్ళు మందుకు వచ్చినప్పుడు, వాళ్ళు సీసా పుచ్చుకుని ఎక్కేదాకా బస్సు కదిలించేవాడు కాదు. ఆ బస్సు ఏనాడూ వేళకు పోకపోవడానికి కారణం అదని జీవానందానికి అప్పుడే తెలిసింది. బస్సు కంపెనీకి ఆయనే రెండుసార్లు ఫిర్యాదు రాసి ఉన్నాడు.

పదకొండు గంటలకు కృతజ్ఞతలు నాలుగు పేజీలయ్యాయి. జనం వరండాలో కూర్చున్నారు. చదివి వినిపించకపోతే ఎవరూ కదిలేట్టు లేరు. జీవానందం సమాధానాన్ని పక్కకు పిలిచి, బాగా చదివి అందరినీ సంతోషపెట్టమనీ, కవరులో మాత్రం తాను రాసిన పన్నెండు పేజీలే పెట్టమనీ గట్టిగా చెప్పాడు. సమాధానం తల ఊపాడు. అవునన్నట్టో, విన్నానన్నట్టో ఆ ఊపులో తెలియలేదు.

సమాధానం ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు. ఎవరి పేరు వస్తే వాళ్ళు తల దించుకున్నారు, పక్కవాళ్ళు వాళ్ళను మోచేత్తో పొడిచారు. బస్సు ఆపి వచ్చిన మాలకొండయ్య తన పేరు విని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చివర సమాధానం కాగితాల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అందరూ ఆమెన్ అన్నారు. గుల్లదిబ్బవాళ్ళు గంగమ్మకు దణ్ణం పెట్టుకుని వాళ్ళూ ఆమెన్ అన్నారు. జీవానందం కూడా అన్నాడు. అప్పుడే ఎవరికో కాలిలో చేపముల్లు దిగిందంటే చూడటానికి పోయాడు.

పన్నెండుంబావుకు తిరిగి వచ్చి సొరుగు లాగితే పట్టికలు రెండు పేజీలూ, విదేశీ పండితులు రెండు పేజీలూ అక్కడే ఉన్నాయి.

"సమాధానం, ఇవి ఇక్కడెందుకున్నాయి?"

"మీరు కూడా ఆమెన్ అన్నారు గదండీ" అన్నాడు సమాధానం. "ప్రార్థనయిన కాగితం మార్చేదానికి నాకు అధికారం లేదు. పన్నెండు మించగూడదన్నారు, మించలా. ఆ లెక్కలూ, ఆ దొరలూ తీసేసినా. వాళ్ళలో ఒకరన్నా గుల్లదిబ్బకొచ్చి ఎవురికన్నా గుక్కెడు నీళ్ళిచ్చినారా?"

జీవానందం ఆ నాలుగు పేజీలూ చొక్కాలో దోపుకుని సైకిలెక్కాడు. తొందరేం లేదు, పన్నెండు గంటల బస్సు ఒంటిగంటకు ముందు కదిలిన చరిత్ర లేదు. ఆ రోజు కదిలింది. డాక్టరయ్య కాగితం రైలందుకోవాలని మాలకొండయ్య పన్నెండు కొట్టగానే లాగించాడట. ముల్లుకంపల బాట వెంట రెండు పంక్చర్లతో కోట చేరితే, అరగంట ఆగవలసిన బస్సు అక్కడా ఆగలేదనీ, దిగవలసినవాళ్ళను చిల్లకూరు దాకా తీసుకుపోయిందనీ చెప్పారు. సరైన పేజీలు మర్నాడు విడిగా పంపాడు గానీ, అవి గడువు దాటాక చేరతాయని అతనికీ తెలుసు.

తర్వాతి వారాలు జీవానందం ఎవరినీ ఏమీ అనలేదు. తన ఆజ్ఞలన్నీ మీరి తన రోగులను బాగుచేసిన మనుషులతో ఏమని పోట్లాడతాడు? బస్సు కంపెనీకి మాత్రం క్షమాపణ రాశాడు. ప్రశాంతత బోర్డు తీయించి, అంకాలమ్మ నిలబడే చోట ఒక బల్ల వేయించాడు. వార్డు మూసే రోజుకు ఎనిమిది మందినీ ఎవరింట్లో దించాలా అని మనసులో లెక్క వేసుకుంటూ తిరిగాడు.

కమిటీ కూడటానికి ఇంక నాలుగు రోజులుందనగా మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. సంపాదకుడు మొహమాటం లేని మనిషి. మీ మొదటి ఎనిమిది పేజీల్లాంటివి మాకు వారానికి రెండు వస్తాయి. ఆలస్యంగా వచ్చిన పట్టికలు చూశాక కూడా ఆ అభిప్రాయం మారలేదు అని మొదలుపెట్టాడు. కానీ కృతజ్ఞతల పేరు మీద మీరు చివర దాచిన నాలుగు పేజీలు మేమింతవరకు ఎక్కడా చదవలేదు. రోగి చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేస్తే అతను మనుషుల్లో పడ్డాడో తేదీలతో సహా చెప్పినవారు లేరు. వాటినే వ్యాసంగా రాసి పంపండి, మందుల సంగతి ఒక పేజీ చాలు. తప్పక వేస్తాము. అయితే మా నియమం ప్రకారం రోగి పేరు గానీ, అతణ్ణి గుర్తుపట్టే వీలిచ్చే ఇంకెవరి పేర్లు గానీ ఉండరాదు.

ఆ ఉత్తరం చూసి కమిటీ ఎనిమిది పడకలను అక్కడే ఉండనిచ్చింది. కాన్పులకు వేరే గది కడతామంది.

జీవానందం ఆదివారం మధ్యాహ్నం అందరినీ వరండాకు పిలిచి భోజనం పెట్టించాడు. వార్డు నిలిచిందని చెప్పాడు. నిలిపింది మీరేనన్నాడు. ఆ తర్వాత అసలు కష్టమైన మాట చెప్పాడు: వ్యాసంలో ఒక్కరి పేరూ ఉండదు. సమాధానం కోట చర్చి వైపు బండ్లు కదులుతున్నట్టు ముఖం పెట్టాడు.

వెనక వరసలోంచి నరసయ్య లేచాడు.

"కాగితంలో వద్దంటే పోనీండయ్యా. నాకు నోరుండాది గదా, నేను చెప్తా."

చెప్పాడు. పిచ్చమ్మతో మొదలుపెట్టి, తాళంచెవి, నీళ్ళ బిందెలు, కిటికీ కింద పడ్డ తిట్లు ఒక్కటీ వదలకుండా వరసగా చెప్పాడు. నాలుగు పేజీల్లోకి ఎక్కనివాళ్ళ పేర్లూ చెప్పాడు. రోజూ గోడ పక్కనుంచి పాడుకుంటూ పోయిన గొర్రెలాయన పేరు చెప్పాడు. ఇవేవీ తెలియనట్టు ఊరుకున్న డాక్టరయ్యకు దణ్ణం పెట్టాడు. నిజంగానే తెలియదని జీవానందం చెప్పబోతే, ఎలిశబెతమ్మ చెయ్యి పట్టి ఆపింది. చేపల పులుసు చల్లారింది, అన్నం ఆరిపోయింది, మాలకొండయ్య బస్సు గంటన్నర ఆలస్యమైంది.

మాట తెప్పించే వైద్యం మీద వ్యాసం ఆ ఏడాదే అచ్చయింది. వచ్చిన మాటను ఆపే వైద్యం గురించి మాత్రం గుల్లదిబ్బలో ఈనాటికీ ఎవరికీ ఏమీ తెలియదు.