అత్తగారి కోసం ఫుట్‌బోర్డులు

ఆ ఆదివారం పొద్దున అల్లుడు పెట్టుకున్న పనులు రెండే. కారుకి ఫుట్‌బోర్డులు బిగించడం, వాటి మీద కాలు పెట్టించి అత్తగారిని కారెక్కించి లైబ్రరీ వార్షికోత్సవానికి తీసుకెళ్ళడం. పదకొండింటికి సభ. సభ మొదట్లో ఒక పాట. ఆ పాట అత్తగారిది.

పాట అత్తగారి పేరు మీద ఉండడం కొత్తేమీ కాదు. ప్రతి ఏడూ ఆవిడ పేరిస్తారు. నెల్లాళ్ళు వంటింటి తలుపేసుకుని పాడుకుంటారు. సభ రోజు పొద్దున మాత్రం మోకాలు పట్టుకుని కూర్చుంటారు. లైబ్రరీ ఎత్తు మీద ఉంది, అంత దూరం నడవలేరు. కారు కూడా ఎత్తుగానే ఉంది, ఎక్కలేరు. "ఆ కారుకీ నా మోకాలికీ పడదు, నన్నొదిలేయండి" అంటారు. ఆ పాట ఇంకెవరో పాడేస్తారు. మర్నాటికి మోకాలు కుదుటపడుతుంది.

ఈసారి లైబ్రరీ కార్యదర్శి ఇంటికే వచ్చి చెప్పాడు. "అమ్మా, ఈ ఏడు కూడా రాకపోతే ఇంక మీ పేరు రాయనండి. ప్రతిసారీ మైకు ముందు నిలబడి మీ మోకాలి గురించి చెప్పేది నేనే కదా." ఆయన వెళ్ళాక అత్తగారు రెండు పూటలు సరిగ్గా భోజనం చెయ్యలేదు.

అది చూసి కూతురు మొగుడితో అంది, "అమ్మ ఈసారి పాడకపోతే ఇంక ఎప్పటికీ పాడదు. ఆ కారు సంగతేదో చూడండి."

అల్లుడు చూశాడు. కారు చేసిన కంపెనీవాళ్ళవే ఫుట్‌బోర్డులు తెప్పించాడు. పొడుగాటి రెండు అట్టపెట్టెలొచ్చాయి. వచ్చే వారం బండి తీసుకొస్తే ఊరికే బిగించి పెడతామన్నారు షోరూమువాళ్ళు. దానికి మామగారు ఒప్పుకోలేదు. ఆయన బస్సులకి బాడీ కట్టే షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు.

"బస్సులకి ఫుట్‌బోర్డులు వేసిన చేతులయ్యా ఇవి. మనింటి కారుకి బయటివాడొచ్చి స్పానరు పెట్టాడంటే, నేను రిటైరయ్యాననుకోరు, పోయాననుకుంటారు" అన్నారు.

పని పెరట్లో మొదలైంది. వీధిలోంచి పెరట్లోకి కారు రావాలంటే ఇంటి గోడకీ ప్రహరీ గోడకీ మధ్య ఉన్న సందే దారి, అదీ గేటు దగ్గరికొచ్చేసరికి మరీ ఇరుకు. రోజూ ముందుకి నడిపి లోపలికి తేవడం, వెనక్కి నడిపి బయటికి తియ్యడం. పెట్టె విప్పి ఫుట్‌బోర్డు చూడగానే అల్లుడికి ఒక అనుమానం వచ్చింది.

"మామయ్యగారూ, ఇది పెడితే బండి సందులో పడుతుందంటారా?"

మామగారు టేపు తెచ్చారు. ఫుట్‌బోర్డుని కారు పక్కన ఆనించి చూశారు, పైన అద్దాన్ని చూశారు. "అద్దం కంటే ఇది లోపలికే ఉంది. ఆ అద్దం రోజూ సందులోంచి వెళ్తోందా, లేదా?"

"వెళ్తోందండీ."

"మరి?"

సందుని కొలవాల్సిన పని లేకుండా పోయింది. టేపు మళ్ళీ చుట్టేశారు.

కారు కింద కంపెనీవాళ్ళే బెజ్జాలు వదిలి, రబ్బరు మూతలు పెట్టి ఉంచారు. మూతలు పీకి, క్లాంపులు పెట్టి, బోల్టులు తిప్పితే ఫుట్‌బోర్డు చేత్తో కొలిచి చేసినట్టు కూర్చుంది. అల్లుడు దాని మీద ఎక్కి గెంతి చూశాడు. కదల్లేదు. సంతోషంగా చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మామగారు నల్లద్దాలు పెట్టుకుని కారు కింద పడుకుని ఉన్నారు. కింద నుంచి నిప్పురవ్వలు ఎగురుతున్నాయి.

"అదేంటి మామయ్యగారూ, బిగించేశాం కదా?"

"బిగించిన బోల్టు వదులవుతుంది. అందుకని నట్టు మీద వెల్డింగుతో ఒక్క చుక్క. దాన్నే టాకా అంటారు. మా షాపులో ఫుట్‌బోర్డుకి టాకా పడకుండా ఏ బస్సూ గేటు దాటేది కాదు. కింద పడితే ప్యాసింజరు కదా పడేది."

"ఎప్పుడన్నా విప్పాల్సి వస్తేనండీ?"

"విప్పడానికి ఎవడన్నా బిగిస్తాడా?" అని ఆయన రెండో నట్టుకి వెళ్ళారు. ఒక్కటీ వదిలిపెట్టలేదు.

అత్తగారు మంచి చీర కట్టుకుని పెరట్లోకొచ్చారు. ఫుట్‌బోర్డుల వంక చాలాసేపు చూశారు. "ఇవి బాగా గట్టివేనా?" అని అడిగారు.

"ఏనుగెక్కినా ఊడవు" అన్నారు మామగారు.

"నన్నంటున్నారా?"

"బోర్డునంటున్నానే."

ఆవిడ ఒక కాలు పెట్టారు, రెండో కాలు పెట్టారు, వెనక సీట్లో కూర్చున్నారు. వెనక నుంచి ఎవరూ తొయ్యక్కర్లేకపోయింది. కూతురి కళ్ళు మెరిశాయి. అల్లుడు ఛాతీ విరుచుకున్నాడు. ఆవిడ ముఖంలో మాత్రం రంగు లేదు. అది ఎవరూ పట్టించుకోలేదు.

అల్లుడు వెనక్కి నడపడం మొదలుపెట్టాడు. మామగారు ఇంట్లోంచి వీధిలోకి వెళ్ళి గేటు బయట నిలబడి చెయ్యి ఊపుతున్నారు. "రానియ్, రానియ్." డిక్కీ గేటు దాటింది. అంతలో రెండు పక్కలా గర్రుమంది. అల్లుడు ఆపాడు.

"ఆపకు. చక్రం కింద రాయేదో పడినట్టుంది. కాస్త నొక్కు" అన్నారు మామగారు, డిక్కీ మీద రెండు చరుపులు చరిచి. షాపులో బస్సుకైనా అదే సైగ.

నొక్కాడు. మామూలుగా బిగించినవయితే అక్కడే పక్కకి జరిగిపోయేవి. టాకా పడ్డవి కాబట్టి కదల్లేదు. కుడిదాని కొస ఇంటి గోడలోకీ, ఎడమదాని కొస ప్రహరీలోకీ ఉలిలా దిగిపోయాయి. ఇంక కారు ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. తలుపులు తెరుద్దామంటే రెండు పక్కలా గోడలే.

ఎంతవరకు దిగిందో చూద్దామని అల్లుడు పక్క అద్దాల వంక చూశాడు. అవి అక్కడ లేవు. మడుచుకుని తలుపులకి అంటుకుని ఉన్నాయి. అద్దాలు మడిచే బటను మీద తన బొటనవేలు ఇంకా ఉంది.

"మామయ్యగారూ, నేను రోజూ సందులోకి వచ్చే ముందు అద్దాలు మడుస్తానండీ" అని లోపల్నించి కేకేశాడు.

మామగారు డిక్కీ మీంచి చెయ్యి తీశారు. "కొలిచేటప్పుడు కదయ్యా ఆ మాట చెప్పాలి."

"వేలికి తెలుసండీ. నాకు తెలీదు."

వెనక సీట్లోంచి అత్తగారు అడిగారు, "అయితే ఇంక వెళ్ళలేమన్నమాట." గొంతులో పెద్ద దిగులేమీ లేదు. "పోన్లెండి, ఎవరేం చేస్తారు. ఆ ఏసీ కాస్త పెంచండి."

అల్లుడు సీట్ల మీదుగా పాకి, డిక్కీ తెరుచుకుని, తల ముందు, కాళ్ళు తరవాతగా వీధిలోకి దిగాడు. ఎదురింటి దర్జీ మిషను ఆపి చూశాడు. "కొత్త మోడలా సార్? ఇలాగే దిగాలా?" అని అడిగాడు.

ఇంతలో కార్యదర్శి ఫోను. కూతురే తీసింది. కంగారులో ఉన్నది ఉన్నట్టే చెప్పింది. "అమ్మ కార్లో ఉండిపోయిందండీ. కారు రెండు గోడల మధ్య ఇరుక్కుంది. తలుపులు రావట్లేదు. నాన్న కోసి తీస్తానంటున్నారు." కార్యదర్శి ఇంకో ప్రశ్న అడగలేదు. మైకు దగ్గరికి వెళ్ళి, అత్తగారికి ఘోరమైన కారు ప్రమాదం జరిగిందని, శరీరం మోకాలి దాకా గోడలో ఉందని చెప్పాడు. మోకాలు ఆయన సొంతంగా కలిపిందే. ఏటా ఆ మైకులో అలవాటైన మాట.

ఇక్కడ కూతురు డిక్కీలోకి ఎక్కి వెనక సీటు మీదుగా తల పెట్టింది. "అమ్మా, ఇటు నుంచి దిగిపో. చెయ్యి పట్టుకుంటాను. నెమ్మదిగా నడిచి వెళ్దాం."

"ఇంత చీర కట్టుకుని డిక్కీలోంచి దిగాలా? నేను మనిషినా, కూరగాయల బస్తానా?"

"అమ్మా, నిజం చెప్పు. నీకు వెళ్ళాలని లేదు కదూ?"

అత్తగారు కొంగు చివర చుట్టి విప్పారు. "పాడాలనే ఉందే. పొయ్యి ముందు నిలబడితే ఎంత బాగా వస్తుందో నీకూ తెలుసు. ఎదురుగా అన్ని మొహాలు కనపడితే గొంతులో తడి ఉండదు."

"మరి ప్రతి ఏడూ పేరెందుకిస్తావు?"

"ఇవ్వకపోతే ఎవరూ అడగరు కదే."

కూతురు ఏదో అనబోయింది. అంతలో ఎత్తు మీద నుంచి జనం దిగుతున్న చప్పుడు వినపడింది. సభకి సభ కదిలి వచ్చేసింది. ముందు కార్యదర్శి, చేతిలో మైకు, వెనక స్పీకరు మోస్తూ ఇద్దరు. వాళ్ళ వెనక ముఖ్య అతిథి. ఆయన డాక్టరు. దారి పొడుగునా పరుగెత్తి వచ్చారు కాబట్టి ముందు ఆయనకే మంచినీళ్ళివ్వాల్సి వచ్చింది. తరవాత డిక్కీలోకి వంగి చూశారు.

"కంగారు పడకండమ్మా. నొప్పి ఎక్కడ?"

"మోకాలండీ" అన్నారు అత్తగారు, అలవాటు కొద్దీ.

"ఎంతసేపట్నించి?"

"పదేళ్ళ నుంచి."

డాక్టరు నెమ్మదిగా నిటారుగా నిలబడ్డారు. కార్యదర్శి వంక చూశారు. కార్యదర్శి జనం వంక చూశాడు. జనం ఇంత దూరం పరుగెత్తి వచ్చి, మనిషి క్షేమంగా ఉందని తెలిసి, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డారు. మళ్ళీ ఎత్తెక్కమంటే సగం మంది ఇళ్ళకే పోతారని కార్యదర్శికి తెలుసు. పదకొండు కావస్తోంది.

"సభ ఇక్కడే మొదలుపెడుతున్నాం" అన్నాడాయన మైకులో. "మొదట పాట." మైకు డిక్కీలోంచి లోపలికి వచ్చింది.

అత్తగారి పెదవులు తెల్లబడ్డాయి. వెనక్కి తిరగబోయారు. కూతురు రెండు చేతులతో ఆవిడ తల పట్టుకుని ముందుకే నిలిపింది.

"తిరక్కు. ముందు అద్దంలోంచి ఎదురుగా ఏం కనపడుతోంది?"

"మన పెరడు."

"ఇంకా?"

"తాడు మీద మీ నాన్న తువ్వాలు."

"దానికి పాడు."

సరిగ్గా అప్పుడే కారు కింద నుంచి ఇనుము కోసే గ్రైండరు గీపెట్టింది. టాకాలు కొయ్యడానికి మామగారు ఎప్పుడో కిందికి దూరారు. కార్యదర్శి వంగి ఆయన కాలు పట్టుకుని ఊపాడు. "పాట అండీ, పాట." గ్రైండరు ఆగింది.

అత్తగారు తువ్వాలుని చూస్తూ మొదలుపెట్టారు. మొదటి మాట వణికింది. రెండో మాటకి నిలబడింది. చరణం దాకా వచ్చేసరికి వీధిలో దగ్గు కూడా వినపడలేదు. దర్జీ సూదిలో దారం ఎక్కిస్తున్నవాడు ఎక్కించకుండానే ఉండిపోయాడు. పాట అయ్యాక జనం చప్పట్లు కొట్టి ఇంకొకటి అడిగారు. ఆవిడ వెనక్కి చూడకుండానే ఇంకొకటి పాడారు. ఆ తరవాత ఎవరూ అడక్కుండానే మూడోది ఎత్తుకున్నారు. మామగారు కారు కింద వెల్లకిలా పడుకుని, కళ్ళలో ఇనుప రజను పడకుండా మూసుకుని, మూడూ విన్నారు. పెళ్ళయినప్పట్నించీ వంటింటి తలుపు బయట నిలబడి విన్నదే తప్ప ఇంత దగ్గరగా వినడం ఆయనకిదే మొదలు.

పాటలయ్యాకే టాకాలు తెగాయి. తెగ్గొట్టడానికి, వెయ్యడానికి పట్టిన దానికంటే చాలా ఎక్కువసేపు పట్టింది. "చూశారా, ఎంత గట్టిగా వేశానో" అన్నారు మామగారు కింద నుంచి. ఫుట్‌బోర్డులు రెండూ ఊడి కింద పడ్డాయి. అల్లుడు బండిని వీధిలోకి తీసి వెనక తలుపు తెరిచాడు.

అప్పుడు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఫుట్‌బోర్డు లేదు. నేల ఎక్కడో కింద ఉంది. డాక్టరు భుజం ఇచ్చారు. అల్లుడు చేతులు చాపాడు. కార్యదర్శి ఒక కుర్చీ తెమ్మని అరిచాడు. మామగారు స్పానరు అందుకున్నారు. "ఒక్క క్షణం ఆగవే. మళ్ళీ బిగించేస్తాను."

అత్తగారు కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని, ఒక్క అంగలో వీధిలోకి దిగి, నేరుగా కార్యదర్శి దగ్గరికి నడిచారు. "వచ్చే ఏటికి నా పేరు ఇప్పుడే రాసుకోండి. రెండు పాటలని రాయండి."

డాక్టరు చాపిన భుజం అలాగే ఉంది. "అమ్మా, మరి మోకాలు?"

"ఎవరి మోకాలండీ?" అన్నారు అత్తగారు.

సాయంత్రం ఫుట్‌బోర్డులు మళ్ళీ అట్టపెట్టెల్లోకి వెళ్ళాయి. వాటిని అటక మీద పెట్టబోతే మామగారికి కాలెత్తడం కష్టమై, అత్తగారే నిచ్చెనెక్కి పెట్టారు.