ఇరవై రెండో అంశం

ఆ ఉదయం ఆర్విల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అరిజోనా ఎడారిలోని క్యాంపు నిద్ర లేవకముందే తాము కాపురముండే చక్రాల ఇంటిని, అంటే ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌ను, ట్రక్కుకు తగిలించి, ఏడింటికల్లా మిన్నెసోటా దారి పట్టాలి. ఎవరూ చూడకూడదు. ముఖ్యంగా పక్క ట్రైలర్ గార్లండ్ చూడకూడదు.

కారణం లేకపోలేదు. నిరుడు ఇదే చోట, ట్రైలర్ మెడ కింద వేలాడే ఇనప కొయ్య ట్రక్కు తొట్టిలోని హిచ్ అనే కొక్కెం దవడల మధ్య సరిగ్గా పడకుండానే ఆర్విల్ ట్రైలర్‌ను నిలబెట్టే ముందుకాళ్ళు ఎత్తేసి, బండి కదిలించాడు. ఏడు టన్నుల ఇల్లు తొట్టి అంచుల మీద చతికిలపడింది. ఆ కథ టెక్సాస్ దాకా ప్రతి క్యాంపుకూ అతని కన్నా ముందే చేరిపోయింది. అప్పుడే భార్య మార్లిస్ తేల్చి చెప్పింది.

"ఇంకొక్కసారి పడేశావంటే దీన్ని అమ్మేస్తా. డులూత్‌లో మా అక్క ఇంట్లో, ఆవిడ పిల్లుల మధ్య పడుందువు గాని."

ఆర్విల్‌కు ట్రైలర్ అంటే ప్రాణం. పిల్లులంటే తుమ్ములు. అందుకని చలికాలమంతా కూచుని ఇరవై రెండు అంశాల జాబితా రాసి, దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాడు. అడుగున పెద్దక్షరాలతో ఒక నియమం: మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి.

డీజిల్ ఇంజన్ గుర్రుమనగానే క్యాంపంతా లేచి కూచుంది. ఒకరు ట్రైలర్ తగిలిస్తుంటే మిగతావాళ్ళు మడత కుర్చీలూ కాఫీలూ తెచ్చుకుని ఎదురుగా చేరడం అక్కడి ఆచారం. తగిలించేవాణ్ణి పలకరించకూడదన్నదీ ఆచారమే. మొదటిదాన్ని అందరూ నిష్ఠగా పాటిస్తారు.

"ఏమోయ్, ఈసారి తొట్టి మీద పరుపేశావా?" అన్నాడు గార్లండ్. ఆర్విల్ నాలుగో అంశంలో ఉన్నాడు. పళ్ళు నూరుకుని ఒకటికి వెళ్ళాడు.

తొమ్మిదో అంశం దగ్గర ఎదురు ట్రైలర్ ట్వైలా వేడి వేడి బన్నులు పట్టుకొచ్చింది. "అన్నయ్యా, ఖాళీ కడుపుతో బరువులు లాగకూడదు, ఒక్కటి తిను." మళ్ళీ ఒకటి.

మూడోసారి గార్లండ్ సాయమే చేశాడు. ట్రైలర్ చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మెలన్నీ లాగేసి, "ఎలాగూ తీసేవే కదా, నీకు శ్రమ తగ్గించా," అన్నాడు. వెనక్కి వస్తున్న ట్రక్కు తాకగానే ట్రైలర్ జానెడు దొర్లింది. మార్లిస్ కెవ్వుమంది.

"నువ్వు కూడానా! మాట్లాడకు, అరవకు," అన్నాడు ఆర్విల్ దిమ్మెలు మళ్ళీ పెడుతూ. "చివర్లో వెనకాల నిలబడి లైట్లు చూసి బొటనవేలు చూపించు, చాలు."

మార్లిస్ మూతి బిగించింది. అప్పటికి తొమ్మిదిన్నర.

నాలుగోసారి హిచ్ దవడలు టప్పుమన్నాయి. "పడిందోయ్! కాళ్ళెత్తేసి పోనీయ్!" అని గార్లండ్ అరిచాడు. ఆర్విల్ పోనివ్వలేదు, ఈ అరుపును పలకరింపు కింద లెక్కవేయనూ లేదు. పద్నాలుగో అంశం ప్రకారం, కాళ్ళు నేల మీద, దిమ్మెలు చక్రాల కింద ఉండగానే ట్రక్కును మెల్లగా ముందుకు లాగి చూశాడు. దవడల్లోంచి ఇనప కొయ్య జారి బయటికొచ్చేసింది. ట్రైలర్ మాత్రం తన కాళ్ళ మీద తాను దర్జాగా నిలబడింది. కుర్చీల్లోంచి నిరాశగా ఒక నిట్టూర్పు వినిపించింది. ఆర్విల్‌కు మాత్రం ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

ట్రైలర్‌ను అర అంగుళం దించి మళ్ళీ తగిలించాడు. లాగితే ఈసారి కదల్లేదు. దవడలకు తాళం వేశాడు, కరెంటు తీగ, బ్రేకు తీగ తగిలించాడు, కాళ్ళెత్తాడు, దిమ్మెలు తీశాడు. ఇరవై రెండు: లైట్లు. అద్దంలో మార్లిస్ బొటనవేలు కనబడింది. అంతా చప్పట్లు కొట్టారు. ఆర్విల్ రాజాలా బయల్దేరాడు.

"గార్లండ్ మొహం చూశావా?" అన్నాడు దారిలో. జవాబు లేదు. ప్రయాణాల్లో వెనక సీట్లో ముసుగుతన్ని పడుకోవడం మార్లిస్ అలవాటు. పైగా మాట్లాడొద్దన్నది తానే. నలభై మైళ్ళ దాకా తన గొప్పలు తానే చెప్పుకుని, పెట్రోలు బంకులో రెండు కాఫీలు కొని దుప్పటి లాగాడు. కింద దిండు ఉంది. దిండు మీద ఆవిడ ఫోన్ ఉంది.

తిరిగి క్యాంపుకు వచ్చేసరికి మార్లిస్ మడత కుర్చీలో కూచుని బన్ను తింటోంది. ట్రైలర్ ఆగీ ఆగకముందే గార్లండ్ కొనబోయేవాడిలా దాని టైర్లు తన్ని చూడటం మొదలుపెట్టాడు. "అమ్మేస్తానన్నావుగా వదినా, మాట మీదుండాలి మరి."

"పడలేదు గదా మార్లిస్!" ఆర్విల్ జాబితా ఎత్తి చూపించాడు. "పద్నాలుగో అంశం..."

"ట్రైలర్ని పడెయ్యలేదు, నిజమే. నన్ను పడేసి పోయావు. నీ జాబితాలో నేనెక్కడున్నానో చూపించు."

ఆర్విల్ ఒకటి నుంచి ఇరవై రెండు దాకా చదివాడు. ఆ రోజు మొదటిసారి మధ్యలో ఎవరూ పలకరించలేదు.

"అమ్మనులే," అంది మార్లిస్ చివరికి, మనసు కరిగి. "కానీ ఇక స్టీరింగ్ నాది, జాబితా నాది. వెనకాల నిలబడేది నువ్వు. వెళ్ళు, లైట్లు చూడు."

ఆర్విల్ కిక్కురుమనకుండా వెళ్ళాడు. కాకపోతే వెళ్ళేముందు ట్రక్కు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.