నమూనా లైసెన్సు

"ఈ రోజు నుంచి మన డ్రైవింగ్ లైసెన్సు ప్రపంచమంతా చెల్లుతుంది!" అని రవాణా మంత్రిగారు ప్రకటించేసరికి హాలు దద్దరిల్లిపోయింది. ఒప్పందం మీద ఇంకా సంతకాలు కాలేదు. ఆ మాటకొస్తే ఒప్పందమే ఇంకా రాయలేదు. అయినా గొప్పవాళ్ళు ముందు ప్రకటిస్తారు, పని దాని వెనకాల అదే పరిగెత్తుకుంటూ వస్తుంది.

అదే ఊపులో రెండోది కూడా చెప్పేశారు. "వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి, చెల్లే లైసెన్సు లేనివాడు ప్రభుత్వ బండి ముట్టుకున్నాడో, ఉద్యోగం ఊడినట్టే. నా డ్రైవరైనా సరే!"

వెనక వరసలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్న ఆయన డ్రైవరు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఇరవై రెండేళ్ళుగా బండికి ఒక్క గీత పడకుండా మంత్రిగారిని తిప్పుతున్న మనిషి. ఈ నెలాఖరుకి ఆ డ్రైవరు లైసెన్సు గడువు తీరిపోతుంది. రెన్యువల్ కాగితమేమో నాలుగు నెలలుగా మంత్రిగారి శాఖలోనే, మూడో టేబుల్ మీద నిద్రపోతోంది.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు మళ్ళీ ఆ టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. గుమస్తా వేలిముద్రల మిషను ముందుకు తోశాడు. బొటనవేలు పెడితే ఎర్ర లైటు. చూపుడు వేలు పెడితే ఎర్ర లైటు. పది వేళ్ళూ అయిపోయాయి.

"నీకు వేలిముద్రలు లేవయ్యా!"

"ఇరవై రెండేళ్ళు స్టీరింగ్ పట్టుకున్నాను కదండీ, అరిగిపోయాయి."

"ఎవడు పట్టుకోమన్నాడు? మంత్రిగారి వేలు చూడు, పెట్టీపెట్టగానే పచ్చ లైటు. లైసెన్సు ఇంటికే పంపించాం. వేలంటే అదీ!"

ఇంటికొచ్చి భార్యతో చెప్పుకుంటే ఆవిడ అట్టు తిరగేస్తూ, "ముద్రలన్నీ స్టీరింగ్ మీదే ఉంటాయిగా. దాన్నే ఊడబీక్కెళ్ళి మిషను మీద పెట్టండి" అంది. ఆ తర్వాత స్టవ్ కట్టేసి, మెల్లిగా అడిగింది. "ఒకటో తారీఖు నుంచి ఏం చేస్తారండీ?"

ఈలోగా విదేశం నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ లైసెన్సు ఉన్న మనిషి ఒకరు వచ్చి మా మైదానంలో బండి నడిపి చూపిస్తే చాలు. ఆ నమూనాని బట్టి ఒప్పందం రాసుకుందాం' అని.

"నమూనా నేనే!" అన్నారు మంత్రిగారు. పీఏకి పొలమారింది. పీఏనీ, పెట్టెలు మొయ్యడానికి డ్రైవర్నీ వెంటపెట్టుకుని విమానం ఎక్కారు.

మైదానంలో కొత్త కారు, వరసగా ప్లాస్టిక్ దిమ్మెలు, చేతిలో అట్టతో తనిఖీ అధికారిణి. మంత్రిగారు హుందాగా నడిచొచ్చి, వెనక తలుపు తీసి, వెనక సీట్లో కూర్చుని, "పోనీ" అన్నారు.

ఎవరూ పోనివ్వలేదు.

"బయల్దేరే ముందు ఒక నిమిషం ప్రశాంతంగా కూర్చోవడం మా దేశంలో భద్రతా నియమం" అని పీఏ ఆవిడకి చెప్పాడు. ఆవిడ ఏదో రాసుకుంది.

ఆయన్ని దింపి ముందుకి పంపించారు. ఎక్కడం ఎక్కడమే కేక పెట్టారు. "స్టీరింగేదయ్యా? ఎత్తుకుపోయారు! ఇది ప్రతిపక్షాల పనే!"

"ఇక్కడ అటుపక్క ఉంటుంది సార్" అన్నాడు డ్రైవరు.

"మరి ముందే చెప్పొద్దూ!"

అటుపక్క కూర్చోబెట్టాక ఆయన కదల్లేదు. ముందు పైలట్ బండి లేదట. సైరన్ లేకపోతే రోడ్డు ఎటుందో ఎలా తెలుస్తుందని ఆయన సందేహం. డ్రైవరు ఏం చేస్తాడు పాపం, కారు ముందుకెళ్ళి నోటితో "కుయ్ కుయ్" అంటూ పరుగెత్తాడు. మంత్రిగారికి హుషారొచ్చి, చేతికందిన మీటలన్నీ లాగి పెడల్ తొక్కారు. కారు వెనక్కి దూసుకెళ్ళి పదకొండు దిమ్మెల్ని పడగొట్టి, పూలమొక్కల్లో ఆగింది. వైపర్లు మాత్రం అద్భుతంగా తిరిగాయి.

"మాది ముందుకు వెళ్ళేముందు గతాన్ని చూసుకునే సంస్కృతి" అన్నాడు పీఏ. ఆవిడ ఈసారి పేజీ తిప్పి రాసుకుంది.

"బాగా ఇంప్రెస్ అయింది!" అన్నారు మంత్రిగారు చెమట తుడుచుకుంటూ.

ఆ కారుని మొక్కల్లోంచి తీసేవాడు లేక అందరూ చూస్తుంటే, డ్రైవరు ఎక్కి, మిగిలిన దిమ్మెల మధ్యనుంచి ఒక్క పట్టులో తెచ్చి గీతల మధ్య పెట్టాడు. ఆవిడ అట్ట దించి ఏదో అడిగింది.

"నీ లైసెన్సు సంగతేంటి అంటోంది" అన్నాడు పీఏ.

డ్రైవరు అరిగిన వేళ్ళు చూపించాడు. ఆవిడ నవ్వింది. కళ్ళ పరీక్ష పెట్టింది, ఊళ్ళో అరగంట తిప్పించింది. "వేలిముద్ర అక్కర్లేదట, సంతకం చాలట" అన్నాడు పీఏ. మధ్యాహ్నం భోజనం వేళకి ఆ దేశపు లైసెన్సు ఆయన జేబులో ఉంది. పక్క గదిలో మంత్రిగారు నలభై ఒక్క పేజీల ఒప్పందం మీద చకచకా సంతకాలు పెట్టేశారు. చదివి సమయం వృథా చేసే రకం కాదాయన.

తిరిగొచ్చేసరికి ఒకటో తారీఖు. మంత్రిగారి బండిని విమానాశ్రయం గేటు దగ్గరే ఆపి కొత్త రూలు ప్రకారం తనిఖీ. "లైసెన్సు?" అన్నాడు అధికారి. డ్రైవరు ఆ విదేశీ కార్డు ఇచ్చాడు.

అధికారి ఒప్పందం కాగితాలు తిరగేసి, విలేఖరులంతా వింటుండగా పైకి చదివాడు. "వాళ్ళ లైసెన్సు మన దేశంలో నేరుగా చెల్లును. నమూనాని పరిశీలించిన మీదట, మన లైసెన్సుదారులు మాత్రం అక్కడ మొదటి నుంచి పరీక్ష ఇవ్వవలెను." సెల్యూట్ కొట్టాడు. "మీరు వెళ్ళొచ్చు సార్." ఆ సార్ డ్రైవరుకి.

మైకులన్నీ మంత్రిగారు కూర్చున్న వెనక సీటు అద్దం వైపు తిరిగాయి. మంత్రిగారు తడుముకోలేదు. "చూశారా! మన పౌరుల్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా, స్వయంగా పరీక్షించి గౌరవిస్తామని రాసిచ్చారు. ఇంత మర్యాద ఇంకే దేశానికి దక్కింది?"

చప్పట్లు మోగాయి. అద్దం పైకి లేచింది. బండి మలుపు తిరిగాక మంత్రిగారు ముందుకు వంగి గొంతు తగ్గించారు.

"ఏమయ్యా, ఆవిడతో చెప్పి నాకూ అలాంటి కార్డు ఒకటి ఇప్పించకూడదూ?"

"దానిదేముంది సార్, ఇస్తారు. కాకపోతే అక్కడ నడిపి చూపించాలి."

మంత్రిగారు ముందు సీటునీ, స్టీరింగునీ ఒకసారి చూశారు.

"ఛ, అంత వెనకబడిన దేశమా!" అని వెనక్కి జారగిలబడ్డారు. "పోనీ."